నలభై అయిదు నిమిషాల్లో ఒక బ్యాండు

సభకు నమస్కారం.

నేను సంగీత విద్వాంసుణ్ని కాను, ఏ వాయిద్యమూ వాయించలేను. ఇక్కడ నిలబడి మాట్లాడటానికి నాకున్న అర్హత ఒక్కటే: చాలా ఏళ్లుగా, నాకు ఇష్టమైన ఇండీ బ్యాండ్ల పాటల్లోంచి ఏరి ఒక్కో బ్యాండుకు ఒక్కో జాబితా కట్టుకుంటున్నాను. ఫోనులో వేలు కదిపితే ఏ బ్యాండుకైనా ‘మేలైన పాటలు’ అని క్షణంలో తయారయ్యే ఈ రోజుల్లో ఇంకా చేత్తో జాబితా కట్టడమేమిటని మా ఇంట్లోనే అడుగుతారు. ఆ ప్రశ్నకు నాకు తోచిన జవాబే ఈనాటి ప్రసంగం.

ముందుగా ఇండీ అనే మాట గురించి కొంచెం చెప్పాలి. పెద్ద రికార్డు కంపెనీల పెట్టుబడి లేకుండా చిన్న లేబుళ్ల మీద, అంటే రికార్డులు వేసే చిన్న సంస్థల పేరు మీద, పాటలు విడుదల చేసుకున్నవాళ్లకు ఆ పేరు వచ్చింది. లండన్‌లో 1976లో రికార్డుల దుకాణంగా మొదలైన రఫ్ ట్రేడ్, రెండేళ్లు తిరిగేసరికి తానే లేబులై కూర్చోవడం అందరూ చెప్పే ఉదాహరణ. నాకు మాత్రం 1986 నాటి ఒక క్యాసెట్టు ఎక్కువ ముచ్చటగా ఉంటుంది. న్యూ మ్యూజికల్ ఎక్స్‌ప్రెస్ అనే బ్రిటిష్ వారపత్రిక ఆ ఏడాది 22 బ్యాండ్ల నుంచి తలా ఒక పాట తీసుకుని పాఠకుల కోసం ఒక సంకలనం తెచ్చింది. దాని పేరు సి86. ఖాళీ క్యాసెట్ల మీద సి60, సి90 అని నిమిషాలు అచ్చువేసే చోట వాళ్లు సంవత్సరాన్ని పెట్టారు. ఆ పేరే తర్వాత ఒక తరహా సంగీతానికి పేరుగా స్థిరపడింది. అంటే ఏరి కూర్చడమన్నది ఈ సంగీతానికి బయటి నుంచి అభిమానులు తగిలించిన అలవాటు కాదు, దాని పుట్టుకలోనే ఉంది.

క్యాసెట్టు మాట వచ్చింది కనుక ఒక చిన్న పిట్టకథ. మా ఊళ్లో రికార్డింగు షాపు ఉండేది. మీలో నా వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది: పాటల పేర్లు కాగితం మీద రాసిచ్చి, ఖాళీ క్యాసెట్టు కొనిస్తే, రెండు రోజుల తర్వాత పాటలెక్కించి ఇచ్చేవారు. ఆశకొద్దీ నేను అరవై నిమిషాల క్యాసెట్టుకు పదిహేను సినిమా పాటలు రాసిచ్చాను. ఒక వైపుకు ముప్ఫై నిమిషాలే ఉంటాయన్న లెక్క నాకు లేదు. తీరా ఇంటికొచ్చి వింటే మొదటి వైపు చివరి పాట రెండో చరణం మధ్యలో టక్కున తెగిపోయింది. మర్నాడు వెళ్లి అడిగితే షాపాయన, “టేపు అయిపోతే నేనేం చేసేది బాబూ, ఒక పాట తగ్గించుకుని రావాల్సింది,” అన్నాడు. ఆ వయసులో ఒళ్లు మండింది గానీ, జాబితా కట్టడం గురించి నాకు తెలిసిన మొదటి పాఠం అదే. అప్పటి నుంచి ఇప్పటి దాకా నేను పెట్టుకున్న నియమం ఒకటే: సి90 క్యాసెట్టులో ఒక వైపు, అంటే 45 నిమిషాలు. అందులో బ్యాండంతా ఇమడాలి.

ఈ నియమం ఎంత కఠినమైనదో, ఎందుకు అవసరమైనదో గైడెడ్ బై వాయిసెస్ అనే బ్యాండుతో చెబుతాను. ఒహాయో రాష్ట్రంలోని డేటన్ వాళ్ల ఊరు. బ్యాండుకు కర్త, పాటల రచయిత రాబర్ట్ పొలార్డ్, నాలుగో తరగతి పిల్లలకు పాఠాలు చెప్పిన బడిపంతులు. బీ థౌజండ్ అనే ఆల్బమ్‌తో 1994లో పేరొచ్చేసరికి ఆయనకు ముప్ఫై ఆరేళ్లు. ఆ ఆల్బమ్‌లో 20 పాటలున్నాయి, మొత్తం నిడివి ముప్పావు గంట కూడా లేదు. మరుసటి ఏడాది వచ్చిన ఏలియన్ లేన్స్‌లో 28 పాటలు. ఇంట్లో పెట్టుకున్న నాలుగు ట్రాకుల క్యాసెట్టు యంత్రం మీద, టేపు బుస వినబడుతూనే ఉండగా రికార్డు చేసిన పాటలవి. పల్లవి ఇలా వచ్చి చెవిలో కూర్చునేలోపు పాట అయిపోతుంది. ఆ తర్వాత ఆయన ఆగలేదు. బ్యాండు పేరు మీదే నలభైకి పైగా ఆల్బమ్‌లున్నాయి. 2000లో వంద పాటలతో ఒక పెట్టె విడుదల చేసి, ఒక్కో పాటను ఒక్కో ఉత్తుత్తి బ్యాండు పేరుతో వేశారు. సంక్రాంతికి అల్లుడి ముందు వడ్డించినట్టు వడ్డిస్తూనే ఉంటాడాయన. ఏది తిని ఏది వదలాలో తినేవాడే తేల్చుకోవాలి.

నేను మొదట చేసిన తప్పు, నచ్చిన పాటలన్నిటికీ మార్కులు వేసి, పైనుంచి వరుసగా నలభై అయిదు నిమిషాలు నిండే దాకా తీసుకోవడం. జాబితా నిండింది గానీ వింటే ప్రాణం లేదు. కారణం తెలియడానికి చాలా రోజులు పట్టింది. ఏలియన్ లేన్స్‌లో పాటకూ పాటకూ మధ్య ఊపిరి తీసుకునే ఖాళీ దాదాపు ఉండదు. ఒక నిమిషం పాట గొప్పగా అనిపించిందంటే, దాని ముందున్న తిక్క పాటకూ వెనకనున్న తీపి పాటకూ అందులో వాటా ఉంది. ఆ ఇరుగుపొరుగు నుంచి పెకలించి తెచ్చి వేరే చోట నాటితే కొన్ని బతకవు. కాబట్టి జాబితాలోకి రావలసినది అన్నిటికన్నా మంచి పాట కాదు, పరాయి వీధిలోనూ తలెత్తుకు నిలబడగలిగిన పాట. ఈ తేడా తెలిశాక నా జాబితాలో సగం మారిపోయింది.

రెండో చిక్కు, ఒకే పాటకు రెండు రూపాలుండటం. గేమ్ ఆఫ్ ప్రిక్స్ అనే పాట ఏలియన్ లేన్స్‌లో నిమిషంన్నర నిడివిలో, టేపు మీద గీసినట్టుగా ఉంటుంది. అదే ఏడాది టైగర్‌బాంబ్ అనే చిన్న రికార్డు కోసం దాన్నే స్టూడియోలో మళ్లీ శుభ్రంగా, కాస్త పొడిగించి పాడారు. స్టూడియో రూపంలో బాణీ ఎంత బలమైనదో స్పష్టంగా తెలుస్తుంది. క్యాసెట్టు రూపంలో మాత్రం పాడుతున్న మనిషి మన పక్కగదిలో ఉన్నట్టుంటుంది. కొత్తవాళ్లకు వినిపించడానికైతే స్టూడియో రూపం పెట్టమంటాను, నా జాబితాలో మాత్రం క్యాసెట్టు రూపమే ఉంది. ఇది న్యాయమైన తీర్పు కాదని తెలుసు. సొంత జాబితాలో పక్షపాతం చూపకపోతే ఇంకెక్కడ చూపుతాం?

మూడోది పూర్తిగా చెవికి సంబంధించిన పని. ఈ బ్యాండు 1999లో డూ ది కొలాప్స్ అనే ఆల్బమ్‌ను, ద కార్స్ బ్యాండుకు చెందిన రిక్ ఒకాసెక్ నిర్మాణంలో, స్టూడియో హంగులతో చేసింది. అందులోని పాట పక్కన 1994 నాటి పాట పెడితే గచ్చు నేల మీంచి మట్టి నేల మీదికి అడుగు పడినట్టుంటుంది. పాటలు వినిపించే యాప్‌లలో ధ్వనిని సమం చేసే సౌకర్యం ఉంటుంది, కానీ అది చిన్నగా ఉన్న పాటను పైకి లేపినప్పుడు దాంతోపాటు టేపు బుసనూ పైకి లేపుతుంది. అందుకని నేను ఆ రెంటి మధ్య ఒంటి గిటారుతో సాగే పాట ఒకటి పెడతాను. అది మెట్టులాగా పనికొస్తుంది. బీ థౌజండ్ మొదటి పాటలోనైతే మధ్యలో గిటారు ఉన్నట్టుండి మాయమై, మళ్లీ వస్తుంది. దిద్దకుండా అలాగే వదిలేశారు. ఆల్బమ్‌కు అది మొదటి పాట కాబట్టి నేనూ చాలాకాలం మొదటే పెట్టాను. ఒక మిత్రుడికి పంపితే, ఇయర్‌ఫోన్ తీగ పోయిందనుకుని రెండుసార్లు ఊడదీసి పెట్టుకున్నాడట. ఇప్పుడది ఏడో స్థానంలో ఉంది.

నిడివి విషయంలో దీనికి పూర్తిగా ఎదురుగా ఉండేది యో లా టెంగో అనే బ్యాండు. వీళ్లది న్యూజెర్సీలోని హోబోకెన్. మన తెలుగువాళ్లు ఎందరో రోజూ మన్‌హట్టన్‌కు రైలు పట్టుకునే ప్రాంతమే. వాళ్ల 2000 నాటి ఆల్బమ్ చివరన ఆ ఊరి పేరుతోనే పదిహేడు నిమిషాలు దాటిన పాట ఒకటుంది. దాన్ని తీసుకుంటే నా 45 నిమిషాల్లో మూడో వంతుకు పైగా దానికే పోతుంది. తీసుకున్నాను. మిగిలిన చోట ఆరు పాటలే పట్టాయి. ఆ జాబితా చూసి ఆ బ్యాండు అభిమానులెవరూ ఒప్పుకోరు, కానీ రాత్రిపూట దీపాలార్పి వింటే నాకు ఆ బ్యాండంటే అదే.

ఇక యంత్రం కట్టే జాబితాల విషయానికొస్తాను. కాలిఫోర్నియాలోని స్టాక్టన్‌లో 1989లో మొదలైన పేవ్‌మెంట్ అనే బ్యాండుకు హార్నెస్ యువర్ హోప్స్ అనే పాట ఉంది. ఆల్బమ్‌లో చోటు దొరకక, 1999లో మరో పాటకు తోడుగా చిన్న రికార్డులో వెళ్లిపోయిన పాట అది. 2010లో బ్యాండు మేలైన పాటలంటూ 23 పాటల సంకలనం వచ్చినప్పుడు కూడా దాన్ని ఎవరూ తలచుకోలేదు. ఈరోజు స్పాటిఫైలో ఆ బ్యాండు పాటలన్నిటిలోకీ ఎక్కువమంది విన్నది అదే. ఒక పాట ముగిశాక దానికి దగ్గరగా ఉన్న మరో పాటను యాప్ తనంతట తానే అందుకోవడం వల్ల ఇలా జరిగి ఉంటుందని, తన పాత బ్యాండు గెలాక్సీ 500కూ ఇలాంటి అనుభవమే ఎదురైన డేమన్ క్రుకోవ్‌స్కీ అనే సంగీతకారుడు ఆరా తీసి రాశాడు.

నిజం చెప్పాలంటే ఇక్కడ నేను యంత్రాన్ని తిట్టలేను. అది మంచి పాట. బ్యాండుకూ తట్టనిది, నాకూ తట్టనిది దానికి దొరికింది. అయితే అది దొరికించుకున్న పద్ధతి చూడండి: పక్క పాటలతో ఇట్టే కలిసిపోయేది, ఎవరినీ ఉలిక్కిపడనివ్వనిది ముందుకొచ్చింది. గిటారు మధ్యలో మాయమయ్యే పాట ఆ దారిన రావడం కష్టం. పైగా ఆ జాబితాకు టేపు అయిపోవడమనేది లేదు, దేన్నీ తీసెయ్యాల్సిన అవసరం దానికి రాదు. పేవ్‌మెంట్ జాబితాలోకి ఈ పాటను తెచ్చుకోవడానికి నేను ఏళ్లుగా ఉన్న ఒక పాటను తీసేశాను. తీసేసిన రోజు దాన్ని వరుసగా మూడుసార్లు విన్నాను. జాబితాలో ఉన్నన్నాళ్లూ అంత శ్రద్ధగా ఎప్పుడూ వినలేదు.

గైడెడ్ బై వాయిసెస్ జాబితా నిన్న రాత్రికి 22 పాటలతో, 44 నిమిషాల 10 సెకన్ల దగ్గర నిలిచింది. ఇంకా యాభై సెకన్లు మిగిలాయి. ఈ బ్యాండుకు అదీ ఒక పాటే. ఆ జాబితా ప్రతిని బయట వరండాలో బల్ల మీద పెట్టాను. చదివి, ఏ పాట చేర్చమంటారో కింద రాయండి. పెన్సిలుకు తాడు కట్టి ఉంది. యాభై సెకన్లు దాటే పాట రాసినవాళ్లు దానికి బదులుగా ఏది కొట్టేయాలో కూడా వాళ్లే కొట్టేసి వెళ్లాలి.