పడవ చేరని కోట: కాస్టెల్ అ బెరె

ముందు పేరు పలకడం నేర్చుకుందాం. కాస్టెల్ అంటే వెల్ష్‌లో కోట. చివర ఉన్న జంట 'ఎల్' మన 'ల' కాదు. 'ల' అనబోతున్నట్టు నాలుకను పళ్ళ వెనక ఆనించి, గొంతు కలపకుండా పక్కల నుంచి గాలి వదలాలి. నాలుగుసార్లు ప్రయత్నిస్తే పట్టుబడుతుంది.

వేల్స్ వాయవ్యాన 893 మీటర్ల కాడెర్ ఇద్రిస్ కొండ ఉంది. దాని దక్షిణాన, దసన్ని లోయలో పొడుగ్గా లేచిన ఒక రాతి గుట్ట మీద ఈ కోట శిథిలాలున్నాయి. ఉత్తర వేల్స్‌లోని గ్వినెడ్ రాజ్యపు పాలకుడు లెవెలిన్ అబ్ ఐయోర్వెర్త్ 1221లో తన కొడుకు గ్రిఫిద్ నుంచి మెయిరియోనిద్ ప్రాంతాన్ని లాక్కొని, అక్కడ కోట కట్టడం మొదలుపెట్టాడని వెల్ష్ రాజుల చరిత్రలో ఉంది. ఆ కోట ఇదేనని పండితుల అభిప్రాయం. అంటే మొదట దీన్ని కట్టింది ఇంగ్లీషువాళ్ళకు భయపడి కాదు, కొడుకును అదుపులో పెట్టడానికి. లోయలోని పచ్చిక, పశువులు, లోపలి దారులు ఎవరి చేతిలో ఉంటే ఆ ప్రాంతం వాళ్ళది. కోటను ఇక్కడ పెట్టడంలోని లెక్క అదీ.

ఇప్పుడు లోపలికి వెళ్దాం. మనం కొలతబద్దతో గీసుకునే చతురస్రపు కోట ఇది కాదు. గుట్ట ఎటు వంపు తిరిగితే గోడ అటు తిరిగింది. గుట్టకు చెరో కొసన ఒక్కో బురుజు ఉంది. రెండిటి ఆకారమూ ఇంగ్లీషు 'డి' అక్షరమే: పక్క గోడలు రెండూ తిన్నగా పోయి, బయటి కొస మాత్రం గుండ్రంగా తిరుగుతుంది. వెల్ష్ రాజుల కోటల్లో ఇది బాగా కనిపించే గుర్తు. ఎవ్లో కోటలోనూ ఇలాంటి బురుజు ఉంది. లాభాలు రెండు. మూలలుంటే శత్రువు ఆ మూల రాళ్ళు పెకిలించి, కింద సొరంగం తవ్వి గోడను కూల్చగలడు. గుండ్రటి కొసలో అలా పెకిలించే మూల ఉండదు. ఇక లోపల, పూర్తి గుండ్రటి బురుజులో దొరకని పొడవైన గది దొరుకుతుంది. కాపలాకే కాదు, కాపురానికీ పనికొస్తుంది.

దక్షిణపు బురుజు దగ్గర కాసేపు ఆగండి. మొదట్లో ఇది మిగతా కోటకు విడిగా నిలిచింది. కోట పడిపోయినా ఇందులో ఉన్నవాళ్ళు పోరాడవచ్చన్నది ఆలోచన. కాని అదే లోపం కూడా. ఉన్న కొద్దిమంది సైనికులు రెండుగా చీలిపోతారు, ఒకరికొకరు సాయం రాలేరు. తర్వాత ఇంగ్లీషువాళ్ళు గోడలు కట్టి దాన్ని ప్రధాన కోటతో కలిపారు. ఇలాంటి చోట ఏది ముందు, ఏది తర్వాత అని తేల్చడానికి గోడల అతుకు చూడాలి. ఒకేసారి కట్టినవైతే రాళ్ళు ఒకదానిలోకి ఒకటి దూరి పెనవేసుకుంటాయి. తర్వాత కట్టిన గోడైతే పాతదానికి ఆనుకుని ఉంటుంది, మధ్యలో నిలువుగా గీత కనిపిస్తుంది.

ద్వారం దగ్గర రాతిని తొలిచి చేసిన కందకాలున్నాయి. వాటిని వంతెనల మీద దాటాలి. తర్వాత వేల్స్‌ను జయించిన ఇంగ్లండ్ రాజు మొదటి ఎడ్వర్డ్, తీరాన ఉన్న తన హార్లెక్ కోటలో ద్వారానికి అటూ ఇటూ భారీ జంట బురుజులు లేపి, ద్వారాన్నే కోటలోకెల్లా గట్టి చోటు చేశాడు. ఇక్కడ భారమంతా కందకాల మీద, కొండ ఎక్కే దారి మీద ఉంది. నా లెక్కలో ఇది తక్కువ తెలివి కాదు. రాతి గుట్ట ఉచితంగా ఇచ్చినదాన్ని వాడుకోవడమే.

1850లలో ఇక్కడ తవ్వినప్పుడు చెక్కడపు పని ఉన్న రాళ్ళు దొరికాయి. ఇంత మారుమూల కొండలో అంత నాణ్యమైన పని ఉండటం చూస్తే, ఇది కేవలం కాపలా స్థావరం కాదని తెలుస్తుంది. కాని ఆ రోజుల్లో ఏ రాయి ఏ పొరలో దొరికిందో రాసుకునే అలవాటు లేదు. అలా పోయిన సమాచారం మళ్ళీ రాదు.

1282 డిసెంబరులో లెవెలిన్ మనవడు, లెవెలిన్ ఆప్ గ్రిఫిద్, ఇంగ్లీషువాళ్ళతో యుద్ధంలో కిల్‌మెరి దగ్గర చనిపోయాడు. అతని తమ్ముడు దవిద్ పోరాటం కొనసాగించాడు. ఎడ్వర్డ్ తరఫున విలియం డి వాలెన్స్ సేన ముట్టడించాక 1283 ఏప్రిల్ 25న ఈ కోట లొంగిపోయింది. దవిద్ అప్పటికే తప్పించుకున్నాడు గాని, జూన్‌లో దొరికాడు. అక్టోబరులో ష్రూస్‌బరీలో అతన్ని చంపారు.

ఎడ్వర్డ్ కోటను బాగుచేయించి, 1284లో పక్కనే ఊరు పెట్టడానికి హక్కులిచ్చాడు. ఆ ఊరు నిలవలేదు. 1294లో ఇంగ్లీషు పాలన మీద మాడోగ్ ఆప్ లెవెలిన్ అనే వెల్ష్ నాయకుడి తిరుగుబాటు లేచినప్పుడు ఈ కోటనూ ముట్టడించారు. తీరపు కోటలైన హార్లెక్‌కు, క్రికెత్‌కు ఐర్లండ్ నుంచి ఓడల్లో తిండి వచ్చింది. అవి నిలిచాయి. బెరె సముద్రానికి దూరంగా, లోపల ఉంది. ప్రతి బస్తా కొండదారిలో శత్రువుల మధ్య నుంచి రావాలి. లోయను అదుపు చేయడానికి ఎంచుకున్న చోటే, బయటి సాయం మీద బతికే కొత్త యజమానికి ఉచ్చయింది. ఆ తర్వాత కోటను వదిలేశారు.

వెళ్ళేవాళ్ళకు: ప్రవేశానికి టికెట్ లేదు. తీరంలోని టైవిన్ ఊరి వైపు నుంచి వచ్చే రోడ్డు ఇరుకు, ఎదురుగా కారు వస్తే వెనక్కి పోవాల్సిందే. వాన పడితే పలకరాయి సబ్బులా జారుతుంది, పట్టున్న బూట్లు వేసుకోండి. గొర్రెలు తిరుగుతుంటాయి, దాటిన గేటును వెనక మూసేయండి.

పైన నిలబడి నైరుతికి చూస్తే క్రెయిగ్ అర్ అడెరిన్, అంటే పక్షి కొండ, కనిపిస్తుంది. నీటికాకులు మామూలుగా సముద్రపు అంచున గూళ్ళు కడతాయి. ఈ కొండ మీద మాత్రం తీరానికి అంత దూరంలోనూ కడుతున్నాయి. ఒకప్పుడు ఈ లోయలోకి సముద్రం చొచ్చుకుని వచ్చేది. నీరు వెనక్కి పోయి ఎంతో కాలమైంది, పక్షులు మాత్రం చోటు మార్చలేదు.