సీసా ఎక్కించే ముందు ఒక్క చుక్క

శ్రోతలకు నమస్కారం.

బాలల దినోత్సవం కదా, పిల్లల్లో వచ్చే హార్మోన్ల జబ్బుల గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు. ఒప్పుకున్నాక టెన్షన్ పట్టుకుంది. పుట్టుకతో వచ్చే థైరాయిడ్ ఉంది, ఎత్తు పెరగకపోవడం ఉంది, ఏడెనిమిదేళ్లకే ఆడపిల్ల పెద్దమనిషి అయ్యే సమస్య ఉంది. తలా ఒక నిమిషం చెబితే రేడియో కట్టేసేలోపు మీరూ మర్చిపోతారు, నేనూ మర్చిపోతాను. అందుకని ఇవాళ ఒక్క జబ్బు, ఒక్క పిల్లవాడు, ఒక్క రక్తపు చుక్క.

2018 మే నెల. మన శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఒక ఊరు, ఊరి పేరు వద్దులెండి. తొమ్మిదేళ్ల బాబు. తండ్రి చెన్నైలో పనికి వెళ్లాడు. ఇంట్లో తల్లి, నాయనమ్మ, అక్క. బడికి సెలవులు. వాడు నీళ్లు తాగుతున్నాడు. చెంబెడు తాగి, పది నిమిషాలకు మళ్లీ చెంబు ముంచుతున్నాడు. ఎండలు కదా అనుకున్నారు. ఒంటేలుకి పదే పదే వెళ్తున్నాడు. అన్ని నీళ్లు తాగితే వెళ్లడా అనుకున్నారు. చొక్కా వదులైంది. సెలవుల్లో ఎండలో తిరిగి చిక్కిపోయాడు అనుకున్నారు. ప్రతిదానికీ ఇంట్లో ఒక జవాబు దొరికింది. చూడండి, ఆ జవాబుల్లో ఒక్కటీ తెలివితక్కువది కాదు.

తర్వాత వాడు పక్క తడపడం మొదలుపెట్టాడు. నాలుగేళ్లకే మానేసిన అలవాటు అది. తల్లి తిట్టింది, అక్క నవ్వింది. వాడు సిగ్గుపడి రాత్రిపూట నీళ్లు తాగడం మానేద్దామని చూశాడు. ఉండలేకపోయాడు. ఈ సంగతి వాడే తర్వాత నాకు చెప్పాడు, తల వంచుకుని.

ఉద్దానంలో పిల్లవాడికి ఒంటేలు తేడాగా ఉందంటే ఎవరికైనా మొదట ఏం గుర్తొస్తుంది? కిడ్నీ. కవిటి, కంచిలి, సోంపేట, మందస, ఆ వైపు ఏ ఇంటికెళ్లినా ఆ భయమే. కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష, క్రియాటినిన్, ఆ మాట చదువు లేనివాళ్ల నోట కూడా చక్కగా పలుకుతుంది. వీళ్లూ భయపడి రక్తం తీయించారు. క్రియాటినిన్ నార్మల్. హమ్మయ్య అని ఇంటికొచ్చేశారు.

నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమనేది అక్కడే. రక్తం తీశారు. సూది గుచ్చిన నొప్పీ వాడు పడ్డాడు. ఆ రక్తంలోనే షుగర్ కూడా ఉంది, ఎవరూ చూడలేదు. చూడాలని ఎవరికీ తోచలేదు. తొమ్మిదేళ్లవాడికి షుగరేమిటి?

నాలుగు రోజులకు కడుపునొప్పి, వాంతులు. ఆ సాయంత్రానికి ఆయాసం. దగ్గు లేదు, జ్వరం లేదు, కానీ పరుగెత్తి వచ్చినవాడిలా లోతుగా, వేగంగా ఊపిరి తీస్తున్నాడు. మామిడిపళ్లు ఎక్కువ తిని అరగలేదన్నారు. ఊళ్లో వైద్యం చేసే ఆయన్ని తల్లే బతిమాలింది, 'నీరసంగా ఉన్నాడు, ఒక గ్లూకోజ్ సీసా ఎక్కించండి' అని. ఆయన ఎక్కించారు. మన వైపు ఇది మామూలే కదా. నీరసం అంటే సీసా. సీసా ఎక్కకపోతే వైద్యం జరిగినట్టే ఉండదు మనకి.

ఒంట్లో చక్కెర పొంగిపోతున్న పిల్లవాడికి సీసాడు చక్కెర నీళ్లు పట్టించినట్టయింది.

తెల్లవారుజామున 108లో మా ఆసుపత్రికి తెచ్చారు. పిలిస్తే కళ్లు తెరుస్తున్నాడు, మళ్లీ మూసేస్తున్నాడు. నాలుక ఎండి చెక్కలా ఉంది. దగ్గరగా వంగితే ఊపిరిలో మగ్గిన పండు వాసన. సిస్టర్ వేలికొనకు గుచ్చి, ఒక్క చుక్క మీటరులో పెట్టారు. అంకె రాలేదు. రెండు ఇంగ్లిషు అక్షరాలు వచ్చాయి. పక్కనే నిలబడ్డ అక్క, పాపం, చదివింది: 'అమ్మా, హాయ్ అని వచ్చింది.' హాయ్ కాదమ్మా, అది హై. ఆ మీటరు లెక్కకు అందనంత ఎక్కువ అని.

నాయనమ్మ గోడకు చేరగిలబడి అంది: 'డాక్టరమ్మా, నాను ముందే సెప్పినాను. గుంటడు ఒంటికి పోసిన సోట సీమలు పట్టేస్తన్నాయని. నా మాట ఎవులిన్నారు?'

ఎవరూ వినలేదు. మధుమేహం అన్న పేరులోనే మధువు ఉంది, తేనె. పెరట్లో కొబ్బరిచెట్టు మొదట్లో చీమలు ఆ పేరు చదివేశాయి, నాయనమ్మ చీమల్ని చదివింది. ల్యాబు కన్నా ముందే.

జబ్బు సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. దీన్ని టైప్ 1 మధుమేహం అంటారు. మన ఒంటికి కాపలా కాయాల్సిన రక్షణ వ్యవస్థే పొరపాటున క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాల్ని చంపేస్తుంది. ఇన్సులిన్ లేకపోతే తిన్న చక్కెర రక్తంలోనే ఉండిపోతుంది, కండకు అందదు. ఆకలితో ఒళ్లు తన కొవ్వును తానే కాల్చుకుంటుంది. ఆ పొగలాంటి ఆమ్లాల వల్లే వాంతులు, ఆయాసం, ఆ పండు వాసన. తీపి తినడం వల్ల రాదు, అంటుకోదు. మామిడిపళ్లు పెట్టినందుకు ఆ తల్లి రెండు రోజులు ఏడ్చింది. మామిడిపళ్ల తప్పు లేదమ్మా, నీ తప్పూ లేదు అని ఎన్నిసార్లు చెప్పానో.

బాబుకి మొదట ఉప్పు సెలైన్, తర్వాత కొద్దికొద్దిగా ఇన్సులిన్ ఎక్కించాం. షుగర్ దిగాక మేమే గ్లూకోజ్ కూడా కలిపాం, గంట గంటకూ చూసుకుంటూ. చూసి ఎక్కించడం వేరు, చూడకుండా ఎక్కించడం వేరు. మూడో రోజు లేచి కూర్చుని ఇడ్లీ అడిగాడు.

ఇవాళ నవంబర్ 14. ఇన్సులిన్ కనిపెట్టినవాళ్లలో ఒకరైన ఫ్రెడరిక్ బాంటింగ్ పుట్టినరోజు కూడా ఇదే, 1891లో. అందుకే ఈ తేదీన ప్రపంచ మధుమేహ దినం జరుపుతారు. మొదటి ఇన్సులిన్ సూది పడింది కూడా పిల్లవాడికే. 1922 జనవరిలో, టొరంటోలో, లెనార్డ్ థామ్సన్ అనే 14 ఏళ్ల అబ్బాయికి. మొదటి సూది సరిగా పనిచేయలేదు. మందును ఇంకాస్త శుద్ధి చేసి పన్నెండు రోజుల తర్వాత మళ్లీ ఇచ్చారు. అబ్బాయి కోలుకున్నాడు, ఇంకో పదమూడేళ్లు బతికాడు. అంతకుముందు ఈ జబ్బు వచ్చిన పిల్లలకు వైద్యం పేరుతో తిండి తగ్గించి, ఎముకల గూడు అయ్యేదాకా చూస్తూ కూర్చోవడమే.

ఇక నేను అడిగేది ఒక్కటే. పిల్లలు నీళ్లు విపరీతంగా తాగుతున్నా, మాటిమాటికీ ఒంటేలుకు వెళ్తున్నా, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైనా, ఊరికే చిక్కిపోతున్నా, ఒక్క చుక్క. ఎవరైనా సీసా ఎక్కిస్తామన్నా, ముందు ఒక్క చుక్క చూడమని మీరే అడగండి. మీ ఊరి ఏఎన్ఎం దగ్గర ముప్పై దాటినవాళ్లకు షుగర్ చూసే మీటరు ఉంటుంది. అదే మీటరు పిల్లలకీ పనికొస్తుంది. పరగడుపు అక్కర్లేదు. చేతులు మాత్రం కడిగించండి. మామిడిపండు తిన్న వేలికి గుచ్చితే అది మామిడిపండు షుగరే చూపిస్తుంది. ఈ లక్షణాలుండి 200 గానీ, అంతకుమించి గానీ వస్తే రేపు చూద్దాం అనకండి. ఆ పూటే పెద్దాసుపత్రికి బయలుదేరండి. అంకె తక్కువే వచ్చినా వాంతులో ఆయాసమో ఉంటే ఇంట్లో కూర్చోవద్దు.

ఇంకొకటి, త్వరగా చెప్పేస్తాను. సూదులు మొదలైన కొన్ని వారాలకు కొందరు పిల్లల్లో ఇన్సులిన్ అవసరం బాగా తగ్గుతుంది. మిగిలిన నాలుగు కణాలు కాస్త ఊపిరి పీల్చుకుని పనిచేస్తాయి. ఆ రోజుల్లోనే ఎవరో ఒకరు ఆకుమందు తెస్తారు, పేరు దానికి పోతుంది. ఈ బాబుకీ తెచ్చారు. తల్లి నాకు ఫోన్ చేసి అడిగింది, అదృష్టం. డోసు తగ్గించాం గానీ మాన్పించలేదు. మానేసిన పిల్లలు మళ్లీ అదే ఆయాసంతో వస్తారు, అందరూ వెనక్కి వెళ్లరు.

ఆ అక్టోబర్ 11న తిత్లీ తుపాను వచ్చింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు ఎలా పడిపోయాయో మీకు నేను చెప్పక్కర్లేదు. రోజుల తరబడి కరెంటు లేదు. ఫోన్లు లేవు. పక్కింటివాళ్ల ఫ్రిజ్‌లో పెట్టిన ఇన్సులిన్ ఏమైందో అని నాకు ఒకటే దిగులు. రెండు వారాల తర్వాత నాయనమ్మ, మనవడు వచ్చారు. షుగర్ ఫరవాలేదు.

ఇన్సులిన్ ఎక్కడ పెట్టావమ్మా అని అడిగాను. పెద్ద కుండలో ఇసుక పోసి, నీళ్లతో తడిపి, మధ్యలో చిన్న కుండ కూర్చోబెట్టి, అందులో పొడిగా ఉన్న డబ్బాలో సీసాలు పెట్టిందట. ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు సిస్టర్ చెప్పిన ఉపాయమే. పైన తడిగుడ్డ. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఇసుక మీద నీళ్లు చల్లడం. తుపాను రోజుల్లో ఊళ్లో తాగేందుకే నీళ్లు కరువు, అందులోంచి చెంబెడు తీసి కుండకు పోసింది.

'కోడలు తిట్టింది డాక్టరమ్మా, నీళ్లు పారబోస్తన్నానని' అంది. 'గుంటడే అన్నాడు, అది నాది, పొయ్యనీ అని.'