పక్కోడితో ఆడకపోతే అదేం ఆటండీ

అందరికీ నమస్కారం అండీ. వెనకాల వాళ్ళకి వినబడకపోతే చెయ్యెత్తండి, ఈ మైకు కొంచెం తేడాగా ఉంది. నన్ను టెక్సాస్ కాలేజీ ఆటల గురించి ఓ అరగంట మాట్లాడమన్నారు, మా ఆవిడేమో నువ్వు అరగంటలో ఆపితే చూద్దాం అని ముందు వరసలోనే కూర్చుంది.

ముందే చెప్పేస్తున్నా, నేను న్యూట్రల్ కాదు. నేను చదివింది యూటీ ఆస్టిన్, అంటే యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్, సెప్టెంబర్ నుంచి డిసెంబర్ దాకా శనివారాలు అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లుంటాయి, నాతో పెళ్ళిళ్ళకీ గృహప్రవేశాలకీ ఎవరూ పని పెట్టుకోరు. మా తమ్ముడు మాత్రం మాకు బద్ధ ప్రత్యర్థి అయిన టెక్సాస్ ఏ అండ్ ఎమ్ యూనివర్సిటీలో చదివాడు. ఇద్దరూ ఇంజనీర్లే అయ్యారుగా, ఇంకా ఈ గొడవేంట్రా అని మా అమ్మ ఇప్పటికీ అడుగుతుంది. ఆవిడకి అర్థమయ్యేలా చెప్పడం నావల్ల కాలేదు, ఇవాళ మీకు చెప్పి చూస్తా.

మేం హ్యూస్టన్ వచ్చింది ఎనభైల మొదట్లో, నేను అప్పుడు చిన్నపిల్లాణ్ణి. స్కూల్లో నా పేరు టీచర్లకి కూడా నోరు తిరిగేది కాదు. అప్పుడే యూనివర్సిటీ ఆఫ్ హ్యూస్టన్ బాస్కెట్‌బాల్ టీమ్‌లో నైజీరియా నుంచి, లాగోస్ నుంచి వచ్చిన ఓ పొడుగాటి కుర్రాడు ఉండేవాడు, హకీమ్ ఒలాజువాన్, ఆ పేరు మాత్రం మా క్లాసులో అందరికీ నోటికొచ్చేది, ఎందుకంటే వాడు ఎగిరి బంతి కొడితే ఊరు ఊరంతా అదే మాట. తమాషా ఏంటంటే పేపర్లలో మాత్రం ఏళ్ళ తరబడి అకీమ్ అనే రాశారు, 1991లో ఆయనే స్వయంగా చెప్పి సరిచేయించుకున్నాడు. అంత పెద్ద ఆటగాడికే ఆ గతి పడితే నా పేరెంత చెప్పండి. 1983 ఫైనల్లో ఆ టీమ్ 54-52తో నార్త్ కెరొలైనా స్టేట్ చేతిలో ఓడిపోయింది, ఆఖరి సెకన్లో. మళ్ళీ 2025లో హ్యూస్టన్ ఫైనల్‌కొచ్చింది, అదీ మన శాన్ ఆంటోనియోలో, ఫ్లోరిడా చేతిలో 65-63. నలభై రెండేళ్ళ తర్వాత కూడా అదే రెండు పాయింట్లు! చిన్నప్పుడు ఏడ్చా, ఇప్పుడు ఏడిస్తే బాగోదని వెళ్ళి గిన్నెలు కడిగా.

సరే, అసలు సంగతికొస్తా. కాన్ఫరెన్స్ అంటే ఏటా తమలో తాము ఆడుకునే కాలేజీల గుంపు అండీ. అప్పట్లో సౌత్‌వెస్ట్ కాన్ఫరెన్స్ అని ఉండేది, 1914లో పుట్టింది. అందులో యూటీ, ఏ అండ్ ఎమ్, బేలర్, టీసీయూ, ఎస్ఎమ్‌యూ, రైస్, టెక్సాస్ టెక్, హ్యూస్టన్, ఇన్ని టెక్సాస్ కాలేజీలు, బయటి నుంచి ఒక్క ఆర్కన్సా. అంటే ఏంటండీ, శనివారం ఎవరి మీద ఓడిపోయారో సోమవారం పొద్దున వాళ్ళే ఆఫీసులో పక్క సీట్లో కూర్చుని పళ్ళికిలిస్తూ ఉంటారు, చర్చిలో వాళ్ళే, పిల్లల స్కూల్ దగ్గర వాళ్ళే, వియ్యంకులూ వాళ్ళే. మన ఊళ్ళల్లో గట్టు తగాదా చూశారుగా, పక్క పొలం వాడితోనే వస్తుంది, పది ఊళ్ళ అవతల ఉన్నవాడితో ఎందుకొస్తుంది? అదీ దీని రుచి. నా వాదన మొత్తం ఇంతే, ఇక మిగతాదంతా దీనికి సాక్ష్యం అనుకోండి.

1996లో ఆ కాన్ఫరెన్స్ మూసేశారు. ఆర్కన్సా అంతకు ముందే ఎస్ఈసీ అనే ఇంకో కాన్ఫరెన్స్‌కి వెళ్ళిపోయింది, నాలుగు కాలేజీలు బిగ్ 12 అనే కాన్ఫరెన్స్‌లో చేరాయి, రైస్, టీసీయూ, ఎస్ఎమ్‌యూ, హ్యూస్టన్ నాలుగూ గడప బయట నిలబడ్డాయి. కారణం టీవీ డబ్బులే, ఇంకేం లేదు. అయినా యూటీ, ఏ అండ్ ఎమ్ మాత్రం ఒకే కాన్ఫరెన్స్‌లో ఉన్నాయిగా, మనకి అది చాల్లే అనుకున్నాం.

ఈ రెండింటి ఫుట్‌బాల్ మ్యాచ్ 1894లో మొదలైంది అండీ. మా ఇంట్లో థాంక్స్‌గివింగ్ అంటే టర్కీ లేదు, పులిహోర, గోంగూర మటన్, ఈ మ్యాచ్. మా తమ్ముడు వాళ్ళ కైల్ ఫీల్డ్‌కి నన్ను తీసుకెళ్ళాడు, ఆ స్టేడియం గురించి కొంచెం చెప్పాలి. లక్ష మంది పైన పడతారు. స్టూడెంట్లు ఆట మొత్తం నిలబడే ఉంటారు, కూర్చోరు. ఎందుకంటే 1922 జనవరిలో డల్లాస్‌లో ఓ మ్యాచ్‌లో వాళ్ళ ఆటగాళ్ళు ఒక్కొక్కరే దెబ్బలు తగిలి పడిపోతుంటే స్టాండ్స్‌లో ఉన్న కింగ్ గిల్ అనే కుర్రాణ్ణి పిలిచారు, వాడు కిందకి దిగి యూనిఫామ్ వేసుకుని ఆట అయ్యేదాకా సైడ్‌లైన్లో సిద్ధంగా నిలబడ్డాడు. ఆడింది లేదు, నిలబడ్డాడంతే. దానికి ఇప్పటికీ వాళ్ళు నిలబడుతున్నారు, పన్నెండో ఆటగాడు మేమే అంటారు. ఇక వాళ్ళ పాట వచ్చినప్పుడు అందరూ పక్కవాళ్ళ భుజాల మీద చేతులేసుకుని ఒక వరస ఇటు, ఒక వరస అటు ఊగుతారు, మా యూటీ గుర్తు లాంగ్‌హార్న్ ఎద్దు కదా, దాని కొమ్ములు రంపంతో కోసేస్తున్నట్టు అన్నమాట. నాకు ఎడం పక్కన ఒకావిడ, నిండా డెబ్బై ఏళ్ళుంటాయి, మెరూన్ స్వెట్టర్ మీద పాత బ్యాడ్జీలు. నా ఆరెంజ్ చొక్కా చూసి కూడా నా భుజం మీద చెయ్యేసి ఊపేసింది. కాళ్ళ కింద కాంక్రీటు కదులుతుందండీ, మాట వరసకి కాదు, నిజంగా తెలుస్తుంది. పాటయ్యాక ఆవిడ సంచీలోంచి పీకాన్ ప్రాలైన్ అనే మిఠాయి తీసి ఇచ్చింది, తిను, పాపం ఓడిపోయేవాళ్ళు కదా అని.

ఇంకోటి చెప్తా, కొత్తగా వచ్చినవాళ్ళకి ఇది తెలియదు. మా మ్యాచ్‌కి ముందు ఏ అండ్ ఎమ్ పిల్లలు ఏటా దుంగలు పేర్చి పెద్ద బాన్‌ఫైర్ వేసేవాళ్ళు, మన భోగి మంటే గానీ అంతస్తుల కొద్దీ ఎత్తు. 1999 నవంబర్ 18 తెల్లవారుజామున, పేరుస్తుండగానే అది కూలిపోయింది. 12 మంది చనిపోయారు, 27 మందికి దెబ్బలు తగిలాయి. ఆస్టిన్‌లో ఆ వారం జరగాల్సిన ర్యాలీ ఆపేసి కొవ్వొత్తులు వెలిగించారు. 26న కైల్ ఫీల్డ్‌లో మ్యాచ్ జరిగింది, హాఫ్‌టైమ్‌లో యూటీ బ్యాండ్ వాయించి, టోపీలు తీసి నిలబడింది. ఏ అండ్ ఎమ్ 20-16తో గెలిచింది. నేను జీవితంలో మా టీమ్ ఓడినందుకు బాధపడని మ్యాచ్ అదొక్కటే. ఎవడో ముక్కూ మొహం తెలియని దేశం అవతలి టీమ్ అయితే మా వాళ్ళు ఆ టోపీ తీసేవాళ్ళా? తీసేవాళ్ళేమో గానీ గుండెలోంచి కాదు.

అలాంటి మ్యాచ్‌ని ఆపేశారండీ. 2012లో ఏ అండ్ ఎమ్ ఎస్ఈసీకి వెళ్ళిపోయింది. మీరు పోయారు కాబట్టి మేం ఆడం అని యూటీ వాళ్ళు, మీ సొంత టీవీ ఛానల్ గొప్ప మాకెందుకని ఏ అండ్ ఎమ్ వాళ్ళు. 2011లో ఆఖరి మ్యాచ్, చివరి సెకన్లో జస్టిన్ టక్కర్ ఫీల్డ్ గోల్ కొట్టి 27-25తో మేం గెలిచాం, ఇక అంతే, 13 ఏళ్ళు లేదు. వాళ్ళ పాటలో మా ప్రస్తావన, మా పాటలో వాళ్ళ ప్రస్తావన, రెండు చోట్లా ఆడని టీమ్ మీద ప్రతి శనివారం పాడుకుంటూ కూర్చున్నారు! ఆఖరికి యూటీ కూడా 2024లో ఎస్ఈసీకే వెళ్ళింది కాబట్టి, అదీ డబ్బు కోసమే అనుకోండి, ఆ నవంబర్ 30న మళ్ళీ కైల్ ఫీల్డ్‌లో ఆడారు, 17-7, గెలిచింది మేమే. తర్వాతేడు ఆస్టిన్‌లోనూ మేమే. మా తమ్ముడు ఈ సభకి రాలేదు, ఎందుకో అడక్కండి.

ఇప్పుడు చాలామంది అనేది ఏంటంటే, ఆటగాళ్ళకి డబ్బులివ్వడం మొదలెట్టాక కాలేజీ ఆట చెడిపోయింది అని. నేనొప్పుకోను. ఇక్కడ డల్లాస్‌లోనే చూడండి, ఎస్ఎమ్‌యూ. ఆటగాళ్ళకి చాటుగా డబ్బులిస్తున్నారని 1987 సీజన్ మొత్తం కాలేజీ ఆటల్ని నడిపే ఎన్‌సీఏఏ రద్దు చేసింది, డెత్ పెనాల్టీ అంటారు, 1988లో ఆడే స్థితి లేక వాళ్ళే ఆడలేదు. పట్టుబడ్డాక కూడా ఇచ్చిన మాట ప్రకారం ఆటగాళ్ళకి ఇస్తూ పోదామన్న నిర్ణయంలో తనకీ పాలుందని ఒప్పుకున్నది ఎవరనుకున్నారు, అప్పటి గవర్నర్ బిల్ క్లెమెంట్స్, అంతకు ముందు ఆ యూనివర్సిటీ బోర్డు పెద్ద ఆయనే. రాష్ట్ర గవర్నరండీ! ఇదీ టెక్సాస్‌లో ఫుట్‌బాల్ అంటే. అప్పుడు ఏ పనికి టీమ్‌నే మూసేశారో ఇప్పుడది ఆఫీసులో కూర్చుని సంతకాలు పెట్టి చేసే పని. 2021 జులై నుంచి ఆటగాళ్ళు తమ పేరు మీద సంపాదించుకోవచ్చు, 2025లో కోర్టు సెటిల్‌మెంట్ అయ్యాక కాలేజీయే నేరుగా ఇవ్వొచ్చు, మొదటి ఏడాదికి ఒక్కో కాలేజీకి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా.

ఇవ్వనీండి, తప్పేముంది? అదే ఏ అండ్ ఎమ్ వాళ్ళు 2023లో జింబో ఫిషర్ అనే కోచ్‌ని నువ్వు ఇక రావద్దు బాబూ అని పంపడానికి ఏడున్నర కోట్ల డాలర్లకి పైగా బాకీ పడ్డారు. పని చెయ్యనందుకు అంత ఇచ్చినప్పుడు మోకాలు విరగ్గొట్టుకునే ఇరవై ఏళ్ళ పిల్లాడికి ఇస్తేనే ఆట మైల పడిందా? సాఫ్ట్‌బాల్ ఆడే నైజారీ కెనడీ అనే అమ్మాయికి టెక్సాస్ టెక్‌కి వచ్చినందుకు పది లక్షల డాలర్ల పైనే డీల్ దొరికింది, సాఫ్ట్‌బాల్‌లో అంత డబ్బేంటని నోళ్ళు తెరిచారు. 2025లో ఆ పిల్ల లబ్బక్‌లో ఉన్న ఆ టెక్ టీమ్‌ని ఫైనల్ దాకా లాక్కొచ్చింది. ఫైనల్లో ఎవరు? యూటీ. మూడో మ్యాచ్ దాకా వెళ్ళింది, యూటీకి మొట్టమొదటి సాఫ్ట్‌బాల్ టైటిల్. రెండు టెక్సాస్ టీములు, అవతల ఓక్లహోమా సిటీలో! ఆ వారం మా గ్రూపుల్లో జరిగిన తిట్ల యుద్ధం ఫుట్‌బాల్‌కి కూడా జరగలేదు. డబ్బు ఆటని చంపలేదుగా మరి.

చంపేది వేరే ఉంది. ఎస్ఎమ్‌యూ ఇప్పుడు ఏ కాన్ఫరెన్స్‌లో ఉందో తెలుసా, అట్లాంటిక్ కోస్ట్. డల్లాస్‌కీ అట్లాంటిక్‌కీ ఏంటి సంబంధం? పైగా లోపలికి రానిస్తే చాలు, తొమ్మిదేళ్ళు మీ టీవీ డబ్బుల్లో వాటా కూడా వద్దని చేరారు. ఇటు పక్క నలభై మైళ్ళలో ఉన్న టీసీయూతో మాత్రం ఏటా ఆడే మ్యాచ్ ఆగిపోయింది, నూరేళ్ళ పైన నడిచిన మ్యాచ్ అది. వింటేనే ఒళ్ళు మండదూ?

ఇక మన పిల్లల విషయం. ఫ్రిస్కో, ఆలెన్, కేటీ, ఎక్కడున్నా మీకు శుక్రవారం రాత్రి హైస్కూల్ ఫుట్‌బాల్ సంగతి తెలుసు. ఆలెన్‌లో హైస్కూల్ స్టేడియం 2012లో కట్టారు, 18,000 సీట్లు, సుమారు 6 కోట్ల డాలర్లు, రెండేళ్ళకే కాంక్రీటు పగుళ్ళిచ్చి కొన్నాళ్ళు మూసేశారు కూడా. పిచ్చి అంటారా, పిచ్చే. కానీ దాని పక్కనే ఇంకో చట్టం ఉంది, 1984 నాటిది, నో పాస్ నో ప్లే, సబ్జెక్టులో 70 రాకపోతే కొన్నాళ్ళు గ్రౌండ్‌లోకి దిగనివ్వరు, స్టార్ అయినా సరే, బ్యాండ్ వాళ్ళకి కూడా అంతే. మన పేరెంట్స్ రాయించినట్టు ఉంది కదా. రాయించిన కమిటీకి పెద్ద డల్లాస్ వ్యాపారవేత్త రాస్ పెరో, తిట్టని ఫుట్‌బాల్ కోచ్ లేడు ఆయన్ని.

మనవాళ్ళ పిల్లలు ఎక్కువగా మార్చింగ్ బ్యాండ్‌లో ఉంటారు. ఆగస్టులో పార్కింగ్ లాట్‌లో తారు కరుగుతుంటే పిల్లలు ట్రంపెట్లు పట్టుకుని గీతల మీద నడుస్తుంటారు, అమ్మలు ఐస్ నీళ్ళ డబ్బాలు మోస్తుంటారు. శుక్రవారం కన్సెషన్ స్టాండ్‌లో పేరెంట్స్‌కి డ్యూటీ వేస్తారు, మా వీధిలో ఒక వదిన గారు, పూర్తి వెజిటేరియన్, చేతికి గ్లవ్స్ వేసుకుని ఫ్రిటో పై మీద చిల్లీ అనే మాంసం కూర గరిటెతో పోస్తూ మొహం అటు తిప్పుకుంటారు, కానీ లైన్ మాత్రం ఆవిడంత వేగంగా ఎవరూ కదిలించరు. ఆవిడకి ఇప్పటికీ ఫస్ట్ డౌన్ అంటే ఏంటో తెలియదు, హాఫ్‌టైమ్ ఎప్పుడో మాత్రం సెకన్లతో సహా తెలుసు.

యూటీ అంటే మనింట్లో తెలిసింది ఒకటే, ర్యాంకు. హైస్కూల్ క్లాసులో టాప్ 6 శాతంలో ఉంటే సీటు ఖాయమని మంత్రంలా జపించారు, 2026 నుంచి అది 5 అయ్యింది, ఇంకా టెన్షన్. సీటు వచ్చాక మాత్రం పిల్లల్ని శనివారం లైబ్రరీలో కూర్చోమంటారు. నా మాట వినండి, పోనివ్వండి వాళ్ళని. గెలిచిన రాత్రి క్యాంపస్‌లో ఆ యూటీ టవర్ ఆరెంజ్ రంగులో వెలుగుతుంటే కింద నిలబడనివ్వండి, ఫీజులో అదీ ఉందనుకోండి. ఎమ్‌ఎస్‌కి వచ్చే మన కుర్రాళ్ళకి ఆ అదృష్టం తక్కువ, ఎక్కువమంది చేరే యూటీ డల్లాస్‌కి ఫుట్‌బాల్ టీమే లేదు, ఇంతవరకూ మేం ఓడలేదని వాళ్ళే జోకులేసుకుంటారు, చెస్‌కి మాత్రం స్కాలర్‌షిప్పులిస్తారు. ఆర్లింగ్‌టన్‌లో 1985 తర్వాత ఫుట్‌బాల్ ఎత్తేశారు. ఆ పిల్లలకి నేను చెప్పేది, అక్టోబర్‌లో ఫెయిర్ పార్క్‌కి రండి.

ఓయూ మ్యాచ్, ఓయూ అంటే మన ఉస్మానియా కాదు, ఓక్లహోమా. 1929 నుంచి ఏటా డల్లాస్‌లోనే, స్టేట్ ఫెయిర్ మధ్యలో కాటన్ బౌల్‌లో. 2024లో అయితే విజయదశమి నాడే పడింది, అక్టోబర్ 12, గుడికెళ్ళి అటునుంచి అటే వెళ్ళా, 34-3. స్టేడియం సరిగ్గా యాభై గజాల గీత దగ్గర రెండు ముక్కలు, ఇటు ఆరెంజ్, అటు ఎరుపు. ఏ నిమిషంలో చూసినా సగం స్టేడియం అరుస్తుంటుంది, సగం నోరు మూసుకుని ఉంటుంది. బయటికొస్తే ఇద్దరూ ఒకే లైన్లో కార్నీ డాగ్ కోసం నిలబడాలి.

కారు వద్దు, పార్కింగ్ దొరకదు, డార్ట్ రైలు గ్రీన్ లైన్ ఎక్కితే గేటు ముందే దిగుతారు. హ్యాండ్‌బ్యాగులు లోపలికి రానివ్వరు, ట్రాన్స్‌పరెంట్ సంచీ తెచ్చుకోండి. వెజిటేరియన్లకి వేయించిన ఓరియోలు ఉంటాయి, రెండు తింటే సాయంత్రం దాకా ఆకలుండదు. టికెట్ ధర చూసి భయమేస్తే ఆస్టిన్‌లో అమ్మాయిల వాలీబాల్‌కి వెళ్ళండి, 2022, 2023 రెండేళ్ళూ ఛాంపియన్లు వాళ్ళు, అంత దగ్గర్నుంచి అంత గొప్ప ఆట అంత తక్కువకి ఎక్కడా చూడలేరు.

మా ఆవిడ వాచీ చూపిస్తోంది. ప్రశ్నలుంటే అడగండి, ఏగీలు, అదే ఏ అండ్ ఎమ్ వాళ్ళు, ఎవరైనా ఉంటే ముందు మీరే కానివ్వండి.