వాల్వు రేడియోకి బ్యాటరీ ఎలిమినేటర్: డబ్బా మంచిదే, ఆ ఒక్క తీగ తప్ప

నమస్కారమండి. గుంటూరు బ్రాడీపేట నుంచి మాట్లాడుతున్నాను. ముందే చెప్పేస్తున్నాను, టేబుల్ మీదున్న ఈ ఎలిమినేటర్, అంటే బ్యాటరీలకి బదులు ఇంటి కరెంటుతో రేడియోని నడిపే డబ్బా, నేను కొన్నది కాదు. తయారుచేసినవాళ్లే రివ్యూకని ఉచితంగా పంపారు. డబ్బులు ఇవ్వలేదు, వీడియో ముందుగా చూపించమనీ అడగలేదు. కొలతలు, రేటు వాళ్ల పేజీలో మీరు చూసే ఉంటారు, నేను మళ్లీ చదవను. కరెంటు లేని ఊళ్ల కోసం చేసిన పాత వాల్వు సెట్లకి (ట్రాన్సిస్టర్లకి ముందు కాలం గాజు గొట్టాలతో నడిచేవి) ఫిలమెంటు, అంటే వాల్వు లోపల వేడెక్కే సన్నతీగ వైపు 1.4 వోల్టులు, హెచ్‌టీ, అంటే హై టెన్షన్ వైపు 90 వోల్టులు ఇస్తుంది. ఆ 90 వోల్టుల బ్యాటరీ ఇప్పుడు ఏ కొట్లోనూ దొరకదు, అందుకే దీని అవసరం.

నచ్చింది ముందు చెప్తాను. ఇందులో పద్ధతిగా ట్రాన్స్‌ఫార్మర్ పెట్టారు. ఇంతకుముందు నేను ఆన్‌లైన్‌లో దొరికే, తక్కువ వోల్టేజీని ఎక్కువ చేసే బూస్ట్ కన్వర్టర్ బోర్డు వాడాను. వోల్టేజీ బాగానే వచ్చేది గానీ, దాని స్విచ్చింగ్ రొద మీడియం వేవ్ అంతా పరుచుకునేది. 837 కిలోహెర్ట్జ్ మీద మన విజయవాడ కేంద్రం, పక్కూరి స్టేషన్, అది కూడా గరగరలోంచే వినాలి! దానికన్నా ముందు తొమ్మిది వోల్టుల బ్యాటరీలు పదింటిని వరసగా కలిపి నడిపాను. నిశ్శబ్దంలో దాన్ని మించింది లేదు, ఖర్చే భరించలేం. ఈ డబ్బా దాదాపు ఆ బ్యాటరీలంత నిశ్శబ్దంగా ఉంది. ఇది చిన్న విషయం కాదండి.

ఈ సెట్ మా తాతయ్యది. విజయవాడ రేడియో కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. రేపల్లె వైపు మా ఊరికి కరెంటు రావడానికి ఆ తర్వాత చాలా కాలం పట్టింది. బ్యాటరీ అయిపోతుందని వార్తలు అవగానే తాతయ్య కట్టేసేవారట, పాటలు వినాలని నాయనమ్మ రోజూ గొడవపడేదట. వాల్వులు నాలుగు: డీకే 91, డీఎఫ్ 91, డీఏఎఫ్ 91, డీఎల్ 94. గొడవంతా స్పీకర్‌ని నడిపే ఈ చివరిదాని దగ్గరే.

జాగ్రత్తగా వినండి. డీఎల్ 94కి 90 వోల్టుల దగ్గర గ్రిడ్ (వాల్వులో కరెంటుని అదుపు చేసే జాలీ) మీద సుమారు నాలుగున్నర వోల్టుల నెగటివ్ బయాస్, అంటే ఆ అదుపు కోసం ఎప్పుడూ ఉండే వోల్టేజీ కావాలి. దానికి వేరే బ్యాటరీ లేకుండా, ఇలాంటి చాలా సెట్లలో హెచ్‌టీ నెగటివ్‌కీ ఛాసిస్‌కీ (సెట్ లోహపు చట్రానికీ) మధ్య ఒక రెసిస్టర్ పెడతారు. సెట్ లాగే కరెంటు అందులోంచి పోతుంటే ఆ వోల్టేజీ అక్కడే పుడుతుంది. ఫిలమెంటు నెగటివ్ మాత్రం నేరుగా ఛాసిస్‌కే. పాతరోజుల్లో రెండూ వేర్వేరు బ్యాటరీలు కాబట్టి ఏ ఇబ్బందీ లేదు.

ఇప్పుడు ఈ డబ్బా ప్లగ్గు తీసేసి, రెండు నల్ల టెర్మినళ్ల మధ్య మీటర్ పెడుతున్నాను. వినండి... బీప్! రెండు నెగటివ్‌లనీ లోపలే కలిపేశారు. అంటే రెసిస్టర్ షార్టయిపోయినట్టే. సెట్ ఆన్ చేసి రెసిస్టర్ మీద కొలిస్తే సున్నా. బయాస్ లేని వాల్వు ఇష్టమొచ్చినంత కరెంటు లాగేస్తుంది, గొంతు చిట్లుతుంది, వాల్వు ఆయుష్షు తగ్గుతుంది, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లోని సన్నతీగ వేడెక్కుతుంది. అది కాలితే మళ్లీ చుట్టించాలి. చుట్టేవాళ్లు ఎంతమంది మిగిలారు చెప్పండి?

నాకు కోపం ఎందుకంటే, నాలుగు స్క్రూలు విప్పి చూస్తే లోపల రెండు వైండింగులూ విడివిడిగానే ఉన్నాయి. ఎంతో శ్రద్ధగా విడదీసి, చివర్లో ఈ అంగుళం నల్ల తీగతో కలిపేశారు! నేను దాన్ని తీసేశాను. ఇప్పుడు రెసిస్టర్ మీద 4.4 వోల్టులు, వాల్యూమ్ పెంచినా మాట చిట్లడం లేదు. ఒకే తీగ, అంత తేడా. దీని గురించి మాన్యువల్‌లో ఒక్క ముక్క లేదు.

ఏ సప్లై వాడినా సరే, తగిలించే ముందు డీఎల్ 94 గ్రిడ్‌కి వెళ్లే కప్లింగ్ కెపాసిటర్ (ముందు వాల్వు నుంచి శబ్దాన్ని పంపి, దాని హెచ్‌టీ వోల్టేజీని ఆపేది) మార్చండి. పాత పేపర్ కెపాసిటర్ లీకైతే బయాస్ ఎంత సరిగ్గా ఉన్నా దండగే. ఫిలమెంట్లు డిజిటల్ మీటర్‌తోనే చూడండి, మొదటి మూడింటికీ 1, 7 పిన్నులు. పాత ముల్లు మీటర్ తక్కువ ఓమ్స్ రేంజిలో ఈ సన్నటి ఫిలమెంటుని కాల్చేసే ప్రమాదం ఉంది. హెచ్‌టీ తీగ పొరపాటున ఫిలమెంటు వైపు తగిలిందా, నాలుగు వాల్వులూ క్షణంలో పోతాయి. అందుకే ప్లగ్గుకి రంగులు వేసుకోండి.

నా తీర్పు: కొనకండి, వాళ్లు ఆ తీగ తీసి పంపేదాకా. రొద లేదన్న సంతోషంతో ఐదు నక్షత్రాలు ఇద్దామనే కూర్చున్నాను, కానీ తాతల కాలం వాల్వులని చంపే డబ్బాని నేను సిఫారసు చేయలేను. సోల్డరింగ్ ఐరన్ పట్టగలిగినవాళ్లు, వారంటీ పోయినా పర్లేదనుకునేవాళ్లు నేను చేసినట్టే చేసుకోవచ్చు. ప్లగ్గు పీకాక లోపల కెపాసిటర్లు డిశ్చార్జయ్యాయో లేదో మీటర్‌తో చూశాకే చెయ్యి పెట్టండి, 90 వోల్టులు కూడా గట్టిగానే కొడుతుంది. తీగ ఎక్కడుందో ఫొటో కింద పెడుతున్నాను. మీ సెట్ మోడల్, అందులోని వాల్వుల నంబర్లు కామెంట్‌లో రాయండి, బయాస్ రెసిస్టర్ ఎక్కడ వెతకాలో చెప్తాను.