పేరు లేని చీఫ్ డిజైనర్: సెర్గేయ్ కొరొల్యోవ్

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. 1957 అక్టోబరు 4న తొలి కృత్రిమ ఉపగ్రహం స్పుత్నిక్ కక్ష్యలోకి చేరినప్పుడు, దాని వెనకున్న ఇంజినీరు ఎవరో ప్రపంచానికి తెలియదు. సోవియట్ పత్రికలు ఆయనను ‘చీఫ్ డిజైనర్’ అని మాత్రమే ప్రస్తావించేవి. సెర్గేయ్ కొరొల్యోవ్ అన్న పేరు 1966 జనవరిలో, మరణవార్తతో పాటే బయటికి వచ్చింది. సార్, ఆయన ఘనత దేనిలో ఉందంటారు?

అతిథి: స్పుత్నిక్‌ను మోసుకెళ్లిన ఆర్-7 రాకెట్టు ఇంజిన్లు ఆయనవి కావు, ఇంజిన్ల రూపకర్త వాలెంతీన్ గ్లుష్కోవి. చేతిలో ఉన్నవాటితో ఏది సాధ్యమో తేల్చుకుని, ఒకరి మాట ఒకరికి పొసగని నిపుణుల చేత ఒకే పని చేయించడంలోనే ఆయన ఘనత ఉందని నా అభిప్రాయం. 1907లో ఇప్పటి ఉక్రెయిన్‌లోని జితోమిర్‌లో పుట్టి, ఒడెస్సాలో గ్లైడర్ల మోజుతో పెరిగి, మాస్కోలో విమాన రూపకర్త తుపోలెవ్ పర్యవేక్షణలో చదువు ముగించారు. 1933 ఆగస్టులో ఆయన బృందం మాస్కో దగ్గరి నఖాబినోలో ప్రయోగించిన చిన్న రాకెట్టు సుమారు 400 మీటర్ల ఎత్తుకు వెళ్లింది.

వ్యాఖ్యాత: ఆ తర్వాత అరెస్టు.

అతిథి: అవును, 1938 జూన్‌లో. చిత్రహింసలు పెట్టి నేరం ఒప్పించి, రష్యా ఈశాన్య కొసన, ఖైదీల శిబిరాలుండే కొలిమాలోని బంగారు గనికి పంపారు. అక్కడ విటమిన్ సి లోపంతో వచ్చే స్కర్వీ వ్యాధితో పళ్లు ఊడిపోయాయి. తర్వాత ఖైదీ ఇంజినీర్లు పనిచేసే డిజైన్ కార్యాలయానికి మార్చారు. దానికి పెద్దగా ఉన్నది ఎవరనుకున్నారు? ఒకప్పటి గురువు తుపోలెవే, ఆయన కూడా ఖైదీగానే! కొరొల్యోవ్‌కు 1944లో విడుదల లభించింది, నిర్దోషి అన్న ముద్ర మాత్రం 1957లో గానీ పడలేదు.

వ్యాఖ్యాత: ఇక ఆర్-7 గురించి కాస్త వివరంగా చెప్పండి.

అతిథి: అది పుట్టింది క్షిపణిగా. అప్పటి హైడ్రోజన్ బాంబు టన్నుల బరువు ఉంటుందని అంచనా వేశారు కాబట్టి, దాన్ని మోసే రాకెట్టు కూడా భారీగా తయారైంది. ఆ అదనపు బలమే అంతరిక్షయానానికి కలిసివచ్చింది. పెద్ద దహన గదిలో మంట నిలకడగా మండక ఇంజిన్ పేలిపోతుండటంతో, గ్లుష్కో ఒకే టర్బోపంపుకు, అంటే ఇంధనాన్ని వేగంగా లోపలికి నెట్టే పంపుకు, నాలుగు చిన్న దహన గదులను జోడించారు. మధ్య భాగానికి ఒకటి, చుట్టూ ఉన్న నాలుగు బూస్టర్లకు ఒక్కొక్కటి చొప్పున మొత్తం అయిదు ఇంజిన్లు, అంటే 20 ప్రధాన దహన గదులు. పైకి వెళ్లాక ఇంజిన్ రాజేయడం మీద అప్పట్లో నమ్మకం లేదు కనుక అన్నింటినీ నేల మీదే వెలిగించేవారు. అందుకు వాడినవి పెద్ద అగ్గిపుల్లల్లాంటి కర్ర చట్రాలు. వాటి కొసన నిప్పు రాజేసే మందు బిగించి, ఒక్కో గదిలోకి కింది నుంచి దూర్చేవారు. మంట అంటుకున్నాక అక్కడి తీగ తెగితేనే, ఆ గది వెలిగినట్టు నియంత్రణ కేంద్రానికి సంకేతం అందేది.

వ్యాఖ్యాత: మరి స్పుత్నిక్ అంత సాదాగా ఎందుకు ఉంది?

అతిథి: ముందు అనుకున్నది టన్నుకు పైగా బరువుండే శాస్త్రీయ ప్రయోగశాల. అది ఆలస్యమవుతోందని, అమెరికా ముందుకు వెళ్లిపోతుందేమోనని, రేడియో ట్రాన్స్‌మిటర్, బ్యాటరీలు తప్ప పెద్దగా ఏమీ లేని 83.6 కిలోల గోళాన్ని ముందుగా పంపుదామని కొరొల్యోవ్ పట్టుబట్టారు. మూడున్నరేళ్ల తర్వాత, 1961 ఏప్రిల్ 12న, అదే కుటుంబానికి చెందిన రాకెట్టు గగారిన్‌ను మోసుకెళ్లింది.

వ్యాఖ్యాత: చంద్రుడి దగ్గర మాత్రం ఆయన లెక్క తప్పింది కదా?

అతిథి: తప్పింది. చంద్రయాత్ర కోసం తలపెట్టిన ఎన్-1 రాకెట్టులో విషపూరితమైన ఇంధనాలే వాడాలని గ్లుష్కో, కిరోసిన్, ద్రవ ఆక్సిజనే కావాలని కొరొల్యోవ్ మొండికేశారు. ఇంధనం విషయంలో నేను కొరొల్యోవ్ పక్షమే, కానీ ఆ తగవుతో దేశంలోని అత్యుత్తమ ఇంజిన్ నిపుణుడు దూరమయ్యాడు. విమాన ఇంజిన్లు చేసే కుజ్నెత్సోవ్ సంస్థ మీద ఆధారపడి, మొదటి దశలోనే 30 ఇంజిన్లు పెట్టవలసి వచ్చింది. ఆ దశను మొత్తంగా నేల మీద మండించి పరీక్షించే వేదికను కూడా కట్టలేదు. 1966 జనవరి 14న శస్త్రచికిత్స సమయంలో కొరొల్యోవ్ మరణించారు. ఆ ఎన్-1 రాకెట్టు 1969 నుంచి 1972 వరకు నాలుగుసార్లు ఎగిరింది, నాలుగుసార్లూ విఫలమైంది.

వ్యాఖ్యాత: ఆర్-7కు మనతో సంబంధం ఉందా?

అతిథి: లేకేం? 1984లో రాకేశ్ శర్మను తీసుకెళ్లిన సోయుజ్ రాకెట్టు ఆ వంశానిదే. 1988 మార్చిలో భూమిని చిత్రీకరించే మన ఐఆర్‌ఎస్-1ఎ ఉపగ్రహాన్ని కజకిస్థాన్‌లోని బైకనూర్ ప్రయోగ కేంద్రం నుంచి మోసుకెళ్లిన వోస్తోక్ రాకెట్టూ అంతే. ఆ ఉపగ్రహం పంపిన చిత్రాలను అందుకున్నది హైదరాబాద్ దగ్గరి షాద్‌నగర్ కేంద్రం.