కంపెనీ మూతపడ్డాక సైకిలు సంగతి

(జూన్ 3, ప్రపంచ సైకిల్ దినం నాడు నెల్లూరులో సైకిలు తొక్కేవాళ్ళు కలుసుకున్న సభలో చేసిన ప్రసంగం పాఠం)

పెద్దలకు, అన్నలకు, అక్కలకు, తెల్లవారుజామునే మైపాడు దాకా తొక్కి వచ్చి చెమట ఆరకుండానే ఇక్కడ కూర్చున్న పిల్లలకు నమస్కారం.

నా చేతిలో ఉన్న ఈ రేకు బిళ్ళ వెనక వరసల వాళ్ళకి కనపడదేమో. అట్లాస్ సైకిలుకి హ్యాండిల్ కింద, ముందు గొట్టం మీద ఉండే బిళ్ళ ఇది. భూగోళాన్ని భుజాల మీద మోస్తున్న మనిషి బొమ్మ. రంగు పోయింది, ఒక మూల వంగింది. కావలి ట్రంకు రోడ్డులో మా నాయన సైకిల్ షాపు మూసేసిన రోజు నేను అడిగి తెచ్చుకున్న వస్తువు ఇదొక్కటే.

ఐక్యరాజ్యసమితి 2018లో జూన్ 3ని ప్రపంచ సైకిల్ దినంగా ప్రకటించింది. సరిగ్గా రెండేళ్ళ తర్వాత, 2020 జూన్ 3న, ఢిల్లీ పక్కన సాహిబాబాద్‌లో అట్లాస్ ఫ్యాక్టరీకి పనికి వచ్చిన కార్మికులకి గేటు దగ్గర నోటీసు కనపడింది. ముడిసరుకు కొనడానికి కూడా డబ్బుల్లేవు, లే-ఆఫ్ ఇస్తున్నాం అని. 1951లో సోనీపత్‌లో మొదలైన కంపెనీ అది. మాలన్‌పూర్ ఫ్యాక్టరీ 2014లో, సోనీపత్‌ది 2018లో అంతకుముందే ఆగిపోయాయి. మిగిలిన ఆ ఒక్కటీ ఆరోజు ఆగింది.

ఆ వార్త మా నాయనకి నేనే ఫోన్లో చదివి వినిపించాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఒకే మాట అడిగాడు. "ఇంక ఆ బండ్లకి సామాన్లు దొరుకుతాయంటావా?"

కంపెనీ పోయిందని బాధపడేవాళ్ళు చాలామంది ఉంటారు. ఆ కంపెనీ సైకిలు తొక్కేవాడి సంగతేంటని ఆలోచించేవాడు మెకానిక్కే. ఈరోజు నేను మాట్లాడబోయేదంతా మా నాయన అడిగిన ఆ ప్రశ్న గురించే.

మా షాపులో సైకిళ్ళు అద్దెకిచ్చేవాళ్ళం. వెనక మడ్‌గార్డు మీద తెల్ల పెయింటుతో నంబరు ఉండేది. జవహర్ భారతిలో చదివే పిల్లలు, స్టేషన్లో రైలు దిగినవాళ్ళు, తుమ్మలపెంట సముద్రానికి పోవాలనుకునేవాళ్ళు గంటల లెక్కన తీసుకుపోయేవాళ్ళు. ఆదివారం వచ్చిందంటే ఓవరాలింగ్ పని. సైకిలుని తలకిందులుగా నిలబెట్టి, యాక్సిల్ ఊడదీసి, బేరింగు బాల్సు కిరసనాయిలు గిన్నెలో వేసి కడగడం నా వంతు. వెనక చక్రానికి ఒక్కో వైపు పావంగుళం బాల్సు తొమ్మిది. ఎనిమిదే కనపడితే తొమ్మిదోది దొరికేదాకా నేల మీద పాకుతూ వెతకాల్సిందే.

ఆ సైకిళ్ళలో ఏ ఒక్కటీ పూర్తిగా ఒకే కంపెనీది కాదు. అట్లాస్ ఫ్రేము, హీరో చైను, లూధియానాలో ఎక్కడో పేరులేని షెడ్డులో తయారైన ఫ్రీవీలు, ఇంకెవరిదో రిమ్ము. టైరు మాత్రం ఏ సైకిలుకైనా ఇరవై ఎనిమిది బై ఒకటిన్నరే. అట్లాస్, హీరో, హెర్క్యులిస్, ఫిలిప్స్, ఏది తెచ్చినా మా నాయన ఒకే డబ్బాలోంచి సామాను తీసి బిగించేవాడు. పూర్వం కట్నంలో వాచీతో పాటు ర్యాలీ సైకిలు అడిగేవాళ్ళు. ఇంగ్లండులో తయారైన ర్యాలీకి ఒక ప్రత్యేకత ఉంది. పెడళ్ళ మధ్య ఉండే కప్పుకి మిగతావాళ్ళు అంగుళానికి 24 మరలు పెడితే వాళ్ళు 26 పెట్టారు. మన దేశంలో ఆ పేరుతో సైకిళ్ళు చేసిన అసన్‌సోల్‌లోని సేన్-ర్యాలీ ఆగిపోయింది. నాటింగ్‌హామ్‌లో 1887లో మొదలైన అసలు ర్యాలీ ఫ్యాక్టరీ 2002లో మూతపడింది. వేరేవాళ్ళ కప్పు దానికి పట్టదు కాబట్టి ఆ రెండు మరల తేడా మాత్రం ఇప్పటికీ పాత ర్యాలీ ఉన్నవాడిని వెంటాడుతూనే ఉంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

ఇప్పుడు కొండ సైకిళ్ళ, అంటే మౌంటెన్ బైకుల కథకి వద్దాం. మీలో సగం మంది దగ్గర ఉన్నవి అవే కదా.

1970ల్లో అమెరికాలో, కాలిఫోర్నియాలోని మరిన్ కౌంటీ అనే చోట కొందరు కుర్రాళ్ళు పాత సామాన్ల అంగళ్ళలో పడున్న సైకిళ్ళు ఏరుకొచ్చారు. అవి 1930లు, 40ల నాటి ష్విన్ కంపెనీవి. లావు టైర్లు, బరువైన ఇనప ఫ్రేములు. వాటిని కొండ మీదికి తోసుకుపోయి, మట్టిబాటలో కిందికి వదిలేసేవాళ్ళు. 1976 అక్టోబరు 21న ఫెయిర్‌ఫ్యాక్స్ ఊరి దగ్గర దానికి పందెం పెట్టుకున్నారు. పేరు రీప్యాక్. ఆ సైకిళ్ళకి పెడలు వెనక్కి తొక్కితే పడే బ్రేకు ఉండేది. కొండ దిగేసరికి ఆ బ్రేకు వేడికి చక్రం మధ్యనుండే హబ్బులోని గ్రీజు కాలి పొగ వచ్చేది. కిందికి చేరాక హబ్బు విప్పి మళ్ళీ గ్రీజు దట్టించాలి. ఆ పనినే వాళ్ళు రీప్యాక్ అన్నారు. అది మా ఆదివారం పనే కదా! ఆ సంగతి మొదటిసారి తెలిసినప్పుడు నా ముక్కుకి కావలి షాపులోని గ్రీజు వాసన తగిలింది.

ఇప్పుడు లక్షలు పెట్టి కొనే సైకిళ్ళకి మూలం ఎవరికీ అక్కర్లేని పాత సామాను. ఆ కుర్రాళ్ళు చేతికి దొరికిన గేర్లు, మోటారుసైకిలు బ్రేకు లివర్లు తెచ్చి వాటికి బిగించారు. ఒకదాని సామాను ఇంకోదానికి పట్టేది కాబట్టే ఈ ఆట పుట్టింది.

1979లో ఆ కుర్రాళ్ళలో ఇద్దరు, గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ కలిసి కంపెనీ పెట్టారు. ఫ్రేములు టామ్ రిచీ చేసిచ్చాడు. 1981లో స్పెషలైజ్‌డ్ అనే కంపెనీ తెచ్చిన స్టంప్‌జంపర్ సైకిలుతో అది అందరూ షాపులో కొనుక్కోగలిగే సరుకైంది. మనదాకా వచ్చేసరికి హీరో రేంజర్, హెర్క్యులిస్ ఎమ్‌టీబీ. తిన్నటి హ్యాండిల్, గుబ్బల టైర్లు. గేర్లు లేకపోయినా అది ఉన్నవాడే క్లాసులో హీరో.

తర్వాత పడిపోవడాలు మొదలయ్యాయి. ఎవరి పాత ఫ్రేముల మీద ఆ ఆట పుట్టిందో ఆ ష్విన్ కంపెనీయే ఆటని మొదట్లో పెద్దగా పట్టించుకోలేదు. 1895 నుంచి ఉన్న కంపెనీ 1992లో దివాలా తీసింది. కొన్నవాళ్ళు 2001లో మళ్ళీ దివాలా తీశారు. గ్యారీ ఫిషర్ పేరుని 1993లో ట్రెక్ అనే పెద్ద కంపెనీ కొనేసింది, 1995లో క్లైన్ అనే ఇంకో సైకిలు కంపెనీని కూడా. ఇప్పుడు ఆ రెండు పేర్లతోనూ సైకిళ్ళు లేవు. క్యానన్‌డేల్ అనే సైకిళ్ళ కంపెనీ మోటారుసైకిళ్ళు చేయబోయి 2003లో దివాలా దాకా వెళ్ళింది, ఎలాగో బతికి బయటపడింది.

ఇక జీటీ కంపెనీ. వాళ్ళ సైకిలుని ఫోటో చూసినా గుర్తుపట్టేయొచ్చు. పైన ఉండే అడ్డ గొట్టం సీటు గొట్టాన్ని దాటి వెనక్కి పోయి అతుక్కుంటుంది, అక్కడ మూడో త్రికోణం ఒకటి ఏర్పడుతుంది. ఆ కంపెనీ స్థాపించిన ఇద్దరిలో రిచర్డ్ లాంగ్ 1996లో మోటారుసైకిలు ప్రమాదంలో చనిపోయాడు. 1998లో దాన్ని ష్విన్ యజమానులకి అమ్మేశారు. ఆ ష్విన్‌తో పాటే జీటీ కూడా మునిగింది. తర్వాత చేతులు మారుతూ నడిచి, 2024 చివర్లో కొత్త మోడళ్ళు ఆపేస్తున్నామని ప్రకటించింది.

ఈ మధ్య ఇన్ని కంపెనీలు ఒకేసారి ఎందుకు పడ్డాయని పిల్లలు అడుగుతుంటారు. మన జిల్లా వాళ్ళకి ఇది కొత్త సంగతేం కాదు. రొయ్యకి రేటు వచ్చిన ఏడాది ఏం జరుగుతుంది? వరి పొలం గుంట అవుతుంది. సీడు అప్పు, మేత అప్పు. అందరూ ఒకేసారి వేస్తారు, అందరి సరుకూ ఒకేసారి చేతికొస్తుంది. రేటు పడిపోతుంది, వడ్డీ మాత్రం పడదు. అక్కడా అచ్చం అంతే. 2020లో కోవిడ్ వచ్చి జిమ్ములు మూతపడ్డాయి, బస్సులెక్కడానికి జనం భయపడ్డారు, సైకిళ్ళ కోసం ఎగబడ్డారు. షాపుల్లో సరుకు లేదు. గేర్ల సెట్టు రావడానికి ఏడాది పైన పట్టేది. అడిగినంత రాదని తెలిసి అందరూ అవసరానికి మించి ఆర్డర్లు పెట్టారు. 2022లో సరుకంతా దిగేసరికి కొనాల్సినవాళ్ళు కొనేసుకున్నారు. గోడౌన్లు నిండాయి, సగం ధరకి అమ్మకాలు, బ్యాంకులు అప్పు అడగడాలు. 2023లో బ్రిటన్‌లో విగిల్, చైన్ రియాక్షన్ అనే పెద్ద అమ్మకందారులు పడిపోయారు. అమెరికాలోనే ఫ్రేములు తయారుచేస్తామని పట్టుబట్టిన డెన్వర్‌లోని గెరిల్లా గ్రావిటీ అదే ఏడాది ఆగింది. 2024లో కెనడాకి చెందిన రాకీ మౌంటెన్ అనే సైకిళ్ళ కంపెనీ అప్పులవాళ్ళ నుంచి రక్షణ కోరుతూ కోర్టుకి వెళ్ళింది. 2025లో జర్మనీలోని వైటీ అనే కంపెనీ దివాలా ప్రక్రియలోకి పోయింది. వీటి మధ్య నాకు సంతోషం కలిగించిన వార్త ఒకటుంది. అమ్మకానికి పెట్టిన కోనా అనే సైకిళ్ళ కంపెనీని 2024లో దాన్ని స్థాపించిన ఇద్దరే తిరిగి కొనుక్కున్నారు.

ఇప్పుడు నా సొంత సంగతి చెప్తాను. నా దగ్గర ఒక మౌంటెన్ బైకు ఉంది. కొన్న నాలుగేళ్ళకి దాన్ని చేసిన కంపెనీ మూతపడింది. పేరు ఇక్కడ అక్కర్లేదు. ఉదయగిరి దుర్గం కింద రాళ్ళబాటలో కుడివైపుకి పడ్డాను. నాకు దెబ్బ తగల్లేదు గానీ వెనక గేర్లు మార్చే డిరేలర్‌ని ఫ్రేముకి పట్టి ఉంచే చిన్న ముక్క విరిగింది. దాన్ని హ్యాంగర్ అంటారు. బొటనవేలంత అల్యూమినియం ముక్క. ఫ్రేము పాడవకుండా ముందు అదే విరగాలని కావాలనే మెత్తగా చేస్తారు. మంచి ఆలోచనే. కానీ ఒక్కో కంపెనీ, ఒక్కో మోడలుకి దాని ఆకారం వేరు. నాకు కావలసింది చేసే కంపెనీ లేదు. ఫోను ఎత్తే మనిషి లేడు. అంత సైకిలూ బొటనవేలంత ముక్క లేక మూడు నెలలు గోడకి వేలాడింది.

చివరికి ఆ విరిగిన రెండు ముక్కలూ జేబులో వేసుకుని మన ఆటోనగర్‌లో ఒక లేతు షెడ్డుకి పోయాను. అక్కడి పెద్దాయన కళ్ళజోడు పైకి నెట్టి వాటిని అరచేతిలో పెట్టుకుని అతికించి చూశాడు. "ఏంది అబ్బయ్యా, ఈ ముక్క కోసరం బండి మూల పెట్టినావా?" అన్నాడు. అల్యూమినియం పట్టీ ఒకటి తీసి, విరిగినదాని అంచు చుట్టూ సూదితో గీత గీశాడు. హ్యాక్‌సాతో కోసి, ఆకురాయితో రుద్దుతూ ప్రతి రెండు నిమిషాలకీ ఫ్రేములో పెట్టి చూసేవాడు. వెలుతురు సందులోంచి కనపడితే మళ్ళీ రుద్దేవాడు. డిరేలర్ బోల్టు ఎక్కే కన్నం దగ్గర పని ఆగింది. కన్నంలో మర కోసే పనిముట్టుని ట్యాపు అంటారు. ఆయన దగ్గరున్న పది మిల్లీమీటర్ల ట్యాపుది మామూలు మర, పిచ్చు, అంటే మరకీ మరకీ మధ్య దూరం, ఒకటిన్నర మిల్లీమీటర్లు. దీనికి కావలసింది ఒక మిల్లీమీటరు. అది కార్ల బ్రేకు పైపు నట్లకి ఉండే మర అని ఆయనకే తట్టింది. నాలుగు షెడ్ల అవతల కార్ల బ్రేకులు చేసే అబ్బాయి దగ్గర ట్యాపు దొరికింది. ఒక చుక్క నూనె వేసి, అర చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి తిప్పుతూ మర కోశాడు. సాయంత్రానికి సైకిలు రోడ్డెక్కింది.

ఇంటికి పోతూ ర్యాలీ వాళ్ళ 26 మరలు గుర్తొచ్చాయి. వందేళ్ళనాటి రోగమే ఇది. కంపెనీ బతికున్నంతకాలం సొంత కొలత గొప్పగానే ఉంటుంది. కంపెనీ పోయాక కొన్నవాడే దిక్కులేనివాడవుతాడు. అట్లాస్ మూతపడినా బుచ్చిలోనో, కందుకూరులోనో, కనిగిరిలోనో రోడ్డు పక్క పంక్చర్ షాపులో అట్లాస్ సైకిలు బాగవుతుంది. ఎందుకంటే దాని కొలత అందరిదీ. 2019లో సైకిలు సామాన్లు చేసే శ్రామ్ కంపెనీ, ఎవరైనా తమ ఫ్రేములకి పెట్టుకోగలిగే ఒకే రకం హ్యాంగర్ తెచ్చింది, చాలా కంపెనీలు దాన్ని తీసుకున్నాయి. ఇరవై ఎనిమిది బై ఒకటిన్నరలో ఉన్న తెలివి ఇన్నాళ్ళకి మళ్ళీ వాళ్ళకి తోచినందుకు నాకు నిజంగా ఆనందం.

పేరు సంగతి వేరు. పేరుని కంపెనీవాళ్ళు ఎక్కడైనా వాడుకుంటారు. చెన్నై అంబత్తూరులో సైకిళ్ళు చేసే టీఐ కంపెనీ వాళ్ళు 2011లో మాంట్రా పేరుతో మంచి సైకిళ్ళు తెచ్చారు, ఆ పేరుతో ఇప్పుడు కరెంటు ఆటోలు తిరుగుతున్నాయి. దానికి నేను బాధపడను. నేను ఈ బిళ్ళని దాచుకున్నట్టే మీరూ స్టిక్కర్లు, కేటలాగులు దాచుకోండి, ఫోటోలు పెట్టుకోండి. ఆ ప్రేమ తప్పు కాదు. కానీ నా దృష్టిలో దానికంటే విలువైనది ఒకటుంది. మీ బండిలో ఆ ఒక్క కంపెనీయే చేసే ముక్కలు ఏవేవో చూడండి. ఆ కంపెనీ బతికుండగానే రెండేసి కొని పెట్టుకోండి. దొరకనివాటికి కాలిపర్‌తో కొలతలు తీసి కాగితం మీద గీయండి. గీసింది పదిమందికీ ఇవ్వండి. ఈ హాలులోనే మూతపడ్డ కంపెనీల సైకిళ్ళు నాలుగైదు ఉన్నాయని ఇందాక బయట స్టాండు దగ్గర చూశాను. పాత ఇనప ఫ్రేము ఇంట్లో ఉంటే కేజీల లెక్కన తూకానికి వేయొద్దు. ముందు నాకు ఒక ఫోను చేయండి.

నా హ్యాంగర్ బొమ్మ, మిల్లీమీటర్లలో కొలతలన్నీ వేసి, తలుపు పక్క బల్ల మీద పెట్టాను. కాపీలు ఉన్నాయి, తీసుకుపోండి. లేతు పెద్దాయన చేసిన ముక్కని నిన్న రాత్రి విప్పి తెచ్చాను, ఇదిగో. ముందు వరస నుంచి ఒకరి చేతినుంచి ఒకరు అందుకుంటూ చూడండి. ఆ ఆకురాయి గీతలు వేలికి తగులుతాయి. చూశాక నాకే తిరిగి ఇవ్వండి, సాయంత్రం దాన్ని బిగించుకునే నేను ఇంటికి పోవాలి.