ఊపిరితిత్తుల రక్తనాళాలు: బిగిస్తే ఎప్పుడు మేలు, ఎప్పుడు కీడు

(తిరుపతిలో వైద్య, నర్సింగ్ విద్యార్థులను, రోగుల కుటుంబాలను ఉద్దేశించిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

అలిపిరి మెట్లెక్కినవాళ్లకు మోకాలి మెట్టు దగ్గర వచ్చే ఆయాసం గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. కొండెక్కేకొద్దీ ఆక్సిజన్ తగ్గి ఆయాసం వస్తుందని చాలామంది అనుకుంటారు. లెక్క వేసి చూద్దాం. సముద్రమట్టంలో గాలి పీడనం 760 మి.మీ. పాదరసం. అక్కడ మన ఊపిరితిత్తుల గాలిగదుల్లో ఆక్సిజన్ పీడనం దాదాపు 100 మి.మీ. తిరుమల ఎత్తు వెయ్యి మీటర్ల లోపే కాబట్టి అక్కడ కూడా ఇది 80కి పైనే ఉంటుంది. ఈరోజు మనం మాట్లాడుకునే స్పందన, అంటే ఆక్సిజన్ తగ్గినప్పుడు ఊపిరితిత్తుల రక్తనాళాలు బిగుసుకోవడం, గట్టిగా మొదలవ్వాలంటే ఆ పీడనం 60–70కి పడాలి. అందుచేత ఆరోగ్యవంతుడికి మెట్ల మీద వచ్చే ఆయాసమంతా శ్రమదే. కేదార్‌నాథ్ సంగతి వేరు, అక్కడికి తర్వాత వద్దాం.

ఒంట్లో ఎక్కడైనా ఆక్సిజన్ తగ్గితే అక్కడి రక్తనాళాలు విప్పారి రక్తాన్ని ఎక్కువగా రప్పించుకుంటాయి. ఊపిరితిత్తుల్లో మాత్రం దీనికి పూర్తిగా ఎదురు. గాలి అందని భాగంలో నాళాలు బిగుసుకుపోతాయి. పిల్లుల మీద ప్రయోగాలు చేసి 1946లో స్వీడన్ శాస్త్రవేత్తలు ఫాన్ ఆయిలర్, లిల్యేస్ట్రాండ్ దీన్ని స్పష్టంగా చూపించారు. చిత్తూరు జిల్లా రైతుకు ఇది వింతగా తోచదు. చెరువు నీళ్లు పారించేటప్పుడు పైరు లేని మడికి మడవ కట్టేసి, పైరున్న మడికి నీళ్లు మళ్లిస్తారు కదా, ఇదీ అదే పని.

ఈ పని చేసేది మిల్లీమీటరులో మూడో వంతు వెడల్పు కూడా ఉండని చిన్న ధమనులు. వాటి గోడలోని కండర కణం తన మైటోకాండ్రియా ద్వారా ఆక్సిజన్ లోటును పసిగడుతుంది. కణపు పొరలో పొటాషియం బయటికి పోయే దారులు (ఛానళ్లు) మూసుకుంటాయి, కణం విద్యుత్ స్థితి మారుతుంది, కాల్షియం లోపలికి వస్తుంది, కండరం బిగుస్తుంది. మెదడు ఆజ్ఞ అక్కర్లేదు, నరాలు తెగిపోయినా జరుగుతుంది. కొన్ని సెకన్లలో మొదలై నిమిషాల్లో బలపడుతుంది. లోటు గంటసేపు కొనసాగితే రెండో విడత బిగింపు వస్తుంది. రక్తంలో ఆమ్లత పెరిగితే బిగింపు పెరుగుతుంది, క్షారత పెరిగితే తగ్గుతుంది. ఇనుము లోపం ఉన్నవాళ్లలో కూడా బిగింపు ఎక్కువే.

న్యుమోనియాలో ఊపిరితిత్తిలోని ఒక లంబిక (పెద్ద భాగం) చీముతో నిండిందనుకోండి. అక్కడికి వెళ్లిన రక్తం ఆక్సిజన్ తీసుకోకుండానే తిరిగి వచ్చి మంచి రక్తంలో కలుస్తుంది. ఆ లోటును మంచి భాగం పూడ్చలేదు. అక్కడి హిమోగ్లోబిన్ అప్పటికే 97, 98 శాతం నిండి ఉంటుంది, ఇంకా పోసినా పట్టదు. మాస్కులో ఆక్సిజన్ ఎంత పెంచినా ఆక్సీమీటర్ అంకె కదలకపోవడానికి కారణమిదే. అప్పుడు రోగిని నిలబెట్టేది చెడ్డ భాగానికి రక్తాన్ని ఆపే ఈ బిగింపే. సరిగ్గా ఆ సమయంలో బీపీకని నైట్రోగ్లిజరినో, నైట్రోప్రస్సైడో డ్రిప్ పెడితే బీపీ దిగుతుంది, ఆక్సిజన్ కూడా దిగుతుంది. మందు ఊపిరితిత్తుల నాళాలను కూడా విప్పేస్తుంది, చెడ్డ భాగానికి మళ్లీ రక్తం పారుతుంది. జబ్బు ముదిరిందని కంగారు పడేముందు ఏ డ్రిప్ ఎప్పుడు మొదలుపెట్టారో కేస్ షీట్‌లో చూడండి. పీల్చే నైట్రిక్ ఆక్సైడ్ ఇందుకు భిన్నం. గాలి వెళ్లే చోటికే అదీ వెళ్తుంది కాబట్టి మంచి భాగాన్నే విప్పుతుంది. ఒక ఊపిరితిత్తిని మూసి చేసే ఆపరేషన్లలో మత్తువాయువు మోతాదు మించితే బిగింపు సడలుతుంది. నరంలోకి ఎక్కించే మత్తుమందు ప్రొపోఫాల్‌తో ఆ ఇబ్బంది లేదు.

బిగింపు ఒక మూలకే పరిమితమైతే మేలు. ఊపిరితిత్తులంతటా వస్తే రక్తాన్ని మళ్లించడానికి చోటే ఉండదు. గుండె పంపే నిమిషానికి ఐదు లీటర్ల రక్తమూ అక్కడి నుంచే వెళ్లాలి. ఊపిరితిత్తి ధమనిలో సగటు పీడనం మామూలుగా 14 మి.మీ. ఉంటుంది, 20 దాటితే అధికం కింద లెక్క.

కేదార్‌నాథ్ 3,583 మీటర్లు. అక్కడ గాలిగదుల్లో ఆక్సిజన్ పీడనం 55 అటూ ఇటూ ఉంటుంది. నాళాలన్నీ బిగుస్తాయి, అయితే అందరిలోనూ ఒకే తీరుగా బిగియవు. కొందరిలో కొన్నిచోట్ల ఎక్కువ, కొన్నిచోట్ల తక్కువ. తక్కువ బిగిసిన చోటికి రక్తం ఒక్కసారిగా తోసుకొచ్చి కేశనాళికలు ఒత్తిడికి కారిపోతాయి, గాలిగదుల్లో నీరు చేరుతుంది. సాధారణంగా 2,500 మీటర్లు దాటాక, రెండో రాత్రి నుంచి నాలుగో రాత్రి లోపు ఇది బయటపడుతుంది. దర్శనం చేసుకుని అదే రోజు దిగేవాళ్లు చాలావరకు తప్పించుకోవడం ఇందుకే. హెలికాప్టర్లో నిమిషాల్లో చేరి పైనే రాత్రులు గడిపేవాళ్లు జాగ్రత్తగా ఉండాలి. అందరికన్నా వెనకబడటం, పొడిదగ్గు, కూర్చున్నా తగ్గని ఆయాసం తొలి గుర్తులు. గులాబీ రంగు నురగ కనిపించిందంటే అప్పటికే ఆలస్యమైనట్టు. దగ్గు చూసి ఇన్ఫెక్షన్ అనుకుని యాంటీబయాటిక్ ఇచ్చి పైనే ఉంచేయడం పెద్ద పొరపాటు. ఆక్సిజన్ పెట్టి ఆక్సీమీటర్ అంకెను 90 శాతం పైన నిలపాలి, కిందికి దించాలి. నడిపించకండి, మోసుకురండి. శ్రమ ఆ పీడనాన్ని ఇంకా పెంచుతుంది. ఆక్సిజన్ దొరకక దించడానికీ వీల్లేకపోతే వైద్యులు నిదానంగా పనిచేసే నిఫెడిపిన్ 30 మి.గ్రా. 12 గంటలకొకసారి ఇస్తారు. మూత్రం ఎక్కువగా పోయించే మందులు ఇక్కడ పనికిరావు. మూడు వేల మీటర్లు దాటాక నిద్రించే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకపోవడం ఉత్తమం.

ఏళ్ల తరబడి కట్టెల పొయ్యి పొగ పీల్చిన ఆడవాళ్లలో, బీడీ తాగినవాళ్లలో సీవోపీడీ, అంటే ఊపిరితిత్తుల్లో గాలిదారులు ఇరుకైపోయే దీర్ఘకాలిక జబ్బు, వస్తుంది. ఆక్సిజన్ లోటు రోజూ ఉంటే నాళాల గోడ మందమవుతుంది, ఆ ఎదురొత్తిడికి కుడి గుండె అలసి కాళ్లకు నీరు దిగుతుంది. ఈ రోగి ఆయాసంతో వస్తే ఆదరాబాదరాగా పది లీటర్ల మాస్కు పెట్టేస్తారు. అప్పుడు గాలి సరిగ్గా ఆడని భాగాల్లో కూడా నాళాలు విప్పారి, రక్తం అటు మళ్లి, బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) బయటికి పోవడం తగ్గిపోతుంది. హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను పట్టుకుని ఆ వాయువును వదిలేయడం కూడా దీనికి తోడవుతుంది. తలనొప్పి, చేతులు రెక్కల్లా ఊగడం, మత్తు వస్తాయి. వీళ్లకు ఆక్సీమీటర్‌లో లక్ష్యం 88–92 శాతం. పీల్చే గాలిలో ఆక్సిజన్ శాతాన్ని స్థిరంగా ఉంచే వెంచురీ మాస్క్‌కు 24 శాతానికి 2 లీటర్లు, 28 శాతానికి 4 లీటర్లు. మాస్కు రంగును నమ్మకుండా దాని మీద ముద్రించిన అంకె చూడండి. ఒకవేళ మత్తు వచ్చేసినా ఆక్సిజన్ ఒక్కసారిగా పీకేయకండి, రక్తంలో ఆక్సిజన్ మొదటికన్నా తక్కువకు పడిపోతుంది. 28కో 24కో దించి, రక్తవాయువుల పరీక్షకు పంపాలి.

ఇంటి దగ్గర కాన్సంట్రేటర్ (గాలి నుంచి ఆక్సిజన్ తీసిచ్చే యంత్రం) వాడేవాళ్లు రోజుకు కనీసం 15 గంటలు పెట్టుకోవాలి. పగలు టీవీ ముందు పెట్టుకుని రాత్రి పక్కన పెట్టేసేవాళ్లున్నారు. నిద్రలో శ్వాస మందగించి ఆక్సిజన్ మరింత పడుతుంది కాబట్టి నాళాలు ఎక్కువగా బిగిసేది రాత్రే. ఆ 15 గంటల్లో రాత్రంతా ఉండేలా చూసుకోండి. ఆయాసం పెరిగిందని నాబ్ మీరే తిప్పకండి, డాక్టర్ రాసిన లీటర్లే ఉంచండి. పొయ్యి ఉన్న గదిలో, బీడీ తాగే మనిషి పక్కన ఆ యంత్రాన్ని అస్సలు పెట్టకండి. కరెంటు పోయిన రాత్రికి ఒక చిన్న సిలిండర్ నింపి సిద్ధంగా ఉంచుకోండి.